చాయ్ తాగొచ్చేలోపు ఆరిపోయిన ర్యాక్

విశాఖలో ఏఐ హబ్ పెడతామని, అయిదేళ్లలో దాదాపు 1500 కోట్ల డాలర్లు ఖర్చు చేస్తామని 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు డేటా సెంటర్ల మీద ప్రశ్నలు వచ్చిపడుతున్నాయి. నీళ్లెన్ని కావాలి, కరెంటెంత తాగుతుంది, మనవాళ్లకు ఉద్యోగాలెన్ని అనేవే ఎక్కువ. వాటికి జవాబు చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వనిది విజయవాడ నుంచి వచ్చిన ఒక మెయిలు.

"మా తమ్ముడు హైదరాబాద్‌లో ఒక డేటా సెంటర్లో నైట్ డ్యూటీ చేస్తాడు సార్. నాలుగు కంపెనీలు కలిసి వాడుకునే ర్యాక్‌లో ఎడమపక్క పవర్ స్ట్రిప్ మార్చమన్నారు. దాన్ని ఆపాడు. ఒక్క సర్వరూ ఆగలేదు, అన్నీ కుడిపక్క కరెంటు మీద నడుస్తూనే ఉన్నాయి. పాతది విప్పేసి, కొత్తది బిగించే ముందు చాయ్‌కి వెళ్లాడు. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. వచ్చేసరికి ర్యాక్ అంతా చీకటి. పోయిన టైములో వాడు క్యాంటీన్లో ఉన్నాడు. ఇప్పుడు నలుగురూ వాడినే అంటున్నారు. ముట్టుకోకుండా ఎలా పోతుంది సార్?"

కాకి వాలగానే తాటిపండు రాలడం లాంటిదేమోనని మొదట అనుకున్నాను. లెక్క వేసి చూస్తే పండు అప్పటికి చాలాకాలంగా రాలడానికి సిద్ధంగానే ఉంది.

ముందు గబగబా సరంజామా సంగతి. ర్యాక్ అంటే ఆరడుగుల పైచిలుకు ఎత్తున్న ఇనప బీరువా. లోపలి వెడల్పు 19 అంగుళాల సామానుకు సరిపోయేలా ఉంటుంది. ఎత్తును 'యూ'లలో కొలుస్తారు. ఒక యూ అంటే అంగుళంముప్పావు. మామూలు ర్యాక్‌లో 42 యూలు ఉంటాయి. మొత్తం బీరువా అద్దెకు తీసుకునే స్తోమత లేని చిన్న కంపెనీలు సగమో పావో తీసుకుంటాయి. వెనకపక్క నిలువునా రెండు పవర్ స్ట్రిప్పులు: ఒకటి ఏ, ఒకటి బీ. రెండింటికీ కరెంటు వేర్వేరు దారుల్లో వస్తుంది. ప్రతి సర్వర్‌కూ రెండు పవర్ సప్లైలు, ఒక్కోదానికి ఒక్కో తీగ. ఒక దారి పోయినా రెండోది ఉంటుందని ధీమా.

ఇలాంటి ఉమ్మడి బీరువాలో పొరపాటు అనగానే ఎవరికైనా చేతులే గుర్తొస్తాయి. అందులో అబద్ధమేమీ లేదు. సర్వర్‌ వెనక గుచ్చే సీ13 అనే ప్లగ్గు ఉంది చూశారూ, మీ కంప్యూటర్ వెనకా అదే ఉంటుంది, దానికి కొక్కెం లేదు, మర లేదు. లోపలి రేకుల బిగువు మీదే నిలబడుతుంది. మన తీగ లాగుతుంటే పక్కవాడి తీగ ఒక మిల్లీమీటరు జారుతుంది, రెండోసారి ఇంకో మిల్లీమీటరు. అందుకే లాక్ ఉన్న ప్లగ్గులు వచ్చాయి. ఇంతకన్నా తమాషా సిస్కో స్విచ్‌లది. 3650, 3850 వరుసల్లో 48 పోర్టుల మోడళ్లకు మొదటి పోర్టు పైనే 'మోడ్' బటన్ పెట్టారు. కొక్కెం విరక్కుండా రబ్బరు తొడుగు వేసిన కేబుల్ ఆ పోర్టులో గుచ్చితే తొడుగు వెళ్లి బటన్ మీద కూర్చుంటుంది. బటన్ అలా నొక్కుకునే ఉండటంతో స్విచ్ ఉన్నట్టుండి రీసెట్ అవుతుంది. ఈ సంగతి కంపెనీయే నోటీసు పెట్టి చెప్పుకుంది. కేబుల్‌కు రక్షణగా వేసిన తొడుగే నెట్‌వర్క్‌ను పడగొట్టిందన్నమాట!

ఇవన్నీ ఏదో ఒకటి తగిలితే జరిగేవి. మన నైట్ డ్యూటీ తమ్ముడిది ఈ బాపతు కాదు. అతను చేసిన పని సక్రమంగానే జరిగింది. ఫలితం మాత్రం ఇరవై అయిదు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. ఆ ఆలస్యం ఎక్కడ దాక్కుంది?

నేను చూపిస్తాను. నా బల్ల మీద మా ఇంటి మీటరు బోర్డులోంచి ఎప్పుడో తీసేసిన పాత ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే తెంపేసే చిన్న బ్రేకర్, ఒకటి ఉంది. ర్యాక్‌కు కరెంటు వచ్చే దారిలోనూ ఇలాంటిదే ఉంటుంది. రివెట్లు తొలిచి, స్క్రూడ్రైవర్‌తో డొప్ప రెండుగా విప్పాను. లోపల ఒక మూల సన్నటి ఇనప పలకలు పుస్తకంలో కాగితాల్లా పేర్చి ఉన్నాయి. తెగేటప్పుడు లేచే మెరుపును ముక్కలు చేసి చల్లార్చడానికి అవి. మధ్యలో లావు రాగితీగ నాలుగైదు చుట్లు, దాని లోపల చిన్న ఇనప కడ్డీ. ఇది అయస్కాంతం. షార్ట్ సర్క్యూట్ అయి కరెంటు ఒక్కసారిగా అయిదింతలో పదింతలో అయితే ఈ కడ్డీ ఠక్కున కదిలి, రెప్పపాటు కూడా పట్టకుండా తెంపేస్తుంది. ఇక ఈ చివర, వేలి గోరంత వెడల్పున ఒక రేకు ఉంది. దాని మొన దగ్గర చిన్న మర. మన కథలో దొంగ ఈ రేకే.

చూడ్డానికి ఒక్క రేకే గానీ, నిజానికి రెండు లోహాలు అతికిన జోడు. ఒకటి వేడికి బాగా సాగుతుంది, రెండోది సాగనంటుంది. కరెంటు పారితే వేడి పుడుతుంది. సాగేది సాగుతుంటే సాగనిది పట్టి ఉంచుతుంది కాబట్టి జోడు మొత్తం ఒక పక్కకు వంగుతుంది. వంగీ వంగీ మొన మరకు తగిలితే మీట పడిపోతుంది. దాన్నే మనం 'ట్రిప్ అయింది' అంటాం.

ఈ రేకు పుట్టింది ఇంగ్లండులో, గడియారం కోసం. సముద్రం మీద రేఖాంశం లెక్కకట్టేందుకు గడియారం చేస్తానని పూనుకున్న వడ్రంగి కొడుకు జాన్ హారిసన్. వేసవిలో, శీతాకాలంలో గడియారం వేగం మారకుండా ఉండటానికి ఇత్తడినీ ఉక్కునూ కలిపి రివెట్లు కొట్టి ఈ జోడురేకును తయారుచేశాడు. దాన్ని పెట్టింది తన మూడో గడియారంలో. ఆ గడియారం మీద పంతొమ్మిదేళ్లు కూర్చున్నాడు, 1740 నుంచి 1759 దాకా. చివరికి తాను పట్టిన దారే తప్పని తనకే తెలిసొచ్చింది. రేఖాంశం లెక్కకు పెట్టిన బహుమతికి దారి చూపింది నాలుగోది, అరచేతిలో ఇమిడే వాచీ. మూడోది ఓడిపోయింది కానీ అందులోని రేకు మాత్రం ఇస్త్రీపెట్టెల్లోకి, ఫ్రిజ్జుల్లోకి, మీ ఇంటి మీటరు బోర్డులోకి వచ్చేసింది. ఆ తర్వాత 1896లో గియోమ్ అనే స్విస్ శాస్త్రవేత్త ఇనుములో 36 శాతం నికెల్ కలిపితే వేడికి దాదాపు సాగని లోహం వస్తుందని కనిపెట్టాడు. దానికి ఇన్‌వార్ అని పేరు పడింది, ఆయన 1920లో నోబెల్ అందుకున్నాడు. జోడులో 'సాగనంటున్న' సగం సాధారణంగా ఇన్‌వార్ లాంటి లోహమే. ఓడిపోయిన గడియారం, నోబెల్ వచ్చిన లోహం కలిసి ఒక ఎంసీబీలో కాపురం పెట్టాయి. దాని ధర మాత్రం మూడు ప్లేట్ల బిర్యానీకి దాటదు.

ఇప్పుడు లెక్క. మనవైపు ఇలాంటి ర్యాక్‌కు ఒక్కో పక్క 32 ఆంపియర్ల బ్రేకర్ పెట్టడం మామూలే. నాలుగు కంపెనీలూ ఏ పక్క నుంచి తలా అయిదు, బీ పక్క నుంచి తలా అయిదు ఆంపియర్లు వాడుతున్నాయనుకోండి. ఒక్కో పక్క 20. ముప్పైరెండుకు ఇరవై. ఎవరు చూసినా 'ఇంకా బోలెడు జాగా ఉంది' అంటారు. ఉమ్మడి ర్యాక్ ప్రమాదం ఇక్కడే ఉంది: ప్రతివాడూ తన అయిదు చూసుకుంటాడు, మొత్తం ఎవడి లెక్కలోనూ లేదు.

'ఏ' పక్క ఆపారు. జోడెద్దుల్లో ఒకటి చతికిలబడితే కాడి బరువంతా రెండోదాని మెడ మీద పడుతుంది కదా. బీ పక్క 20 కాస్తా 40 అయింది. నిజానికి పిసరు ఎక్కువే కావచ్చు, మోత పెరిగితే వోల్టేజీ కాస్త తగ్గుతుంది కాబట్టి. పాతకాలపు బల్బయితే వోల్టేజీ తగ్గితే వెలుగు తగ్గించుకుని ఊరుకుంటుంది, సర్వర్ పవర్ సప్లై అలా కాదు. వోల్టేజీ తగ్గితే కరెంటు ఎక్కువ లాగి తన వాటా వాట్లు తాను తీసుకుంటుంది. అది అలా ఉంచి 40 అనే అనుకుందాం.

32 బ్రేకర్ మీద 40. వెంటనే పడాలి కదా? పడదు. ఈ మాట దగ్గరే నేనూ చాలా ఏళ్లు తప్పులో కాలేశాను. బ్రేకర్ మీద 32 అని రాసి ఉంటే 33వ ఆంపియరు రాగానే తెంపేస్తుందని నమ్మినవాణ్నే. ఈ ఎంసీబీల ప్రమాణం ఏమంటుందంటే: రాసినదానికి 1.13 రెట్లు పారితే గంటసేపు పడకూడదు. 1.45 రెట్లు పారితే గంటలోపు పడి తీరాలి. 32కు ఆ హద్దులు 36, 46 ఆంపియర్లు. మన 40 సరిగ్గా ఆ రెంటి నడుమ ఉంది. అక్కడ పడొచ్చు, పడకపోవచ్చు, పడితే ఎప్పుడో చెప్పలేం. ప్రమాణం మౌనం వహించిన చోట మన ర్యాక్ నిలబడి ఉంది.

ఆలస్యం ఎందుకో రేకును అడగండి. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పోతుంది. అయినా రేకు ఉష్ణోగ్రత ఒక్క గెంతులో పైకి పోదు. దళసరి దోసెపెనం కింద మంట పెంచండి, పెనం ఆ క్షణాన వేడెక్కుతుందా? మొదట గబగబా, తర్వాత నింపాదిగా, కొత్త మట్టానికి దగ్గరయ్యేకొద్దీ ఇంకా నింపాదిగా. రేకు మొన మరకు ఇంకా వెంట్రుకవాసి దూరంలో ఉన్నప్పుడు తమ్ముడు అంతా బాగుందని చాయ్‌కి వెళ్లాడు. దానికి తోడు బ్రేకర్‌ను 30 డిగ్రీల దగ్గర సరిచూసి పంపుతారు. పంపిణీ పెట్టెలో అది ఒంటరిగా ఉండదు, అటూ ఇటూ డజన్ల కొద్దీ బ్రేకర్లు భుజాలు రాసుకుంటూ వెచ్చగా కూర్చుని ఉంటాయి. చుట్టూ వేడి పెరిగితే రేకు ముందే కొంత వంగి ఉంటుంది. 32 అని రాసి ఉన్నది 30 బ్రేకర్‌లా నడుచుకుంటుంది. అప్పుడు 40 ఇంకా బరువవుతుంది. (నూనె గొట్టంతో పనిచేసే ఇంకో రకం బ్రేకర్ ఉంది, దానికి చుట్టూ ఉన్న వేడి పెద్దగా పట్టదు. దాని అందం వేరు, ఇంకో నెల చూద్దాం.)

అదీ ఇరవై అయిదు నిమిషాల కథ. క్యాంటీన్లో ఉన్న మనిషికీ ఆరిపోవడానికీ సంబంధం ఉంది, కానీ ర్యాక్‌లో నలభై ఆంపియర్లు పోగుచేసింది అతను కాదు.

ఆరిపోయాక చేసే పొరపాటు మరీ పెద్దది: మీట మళ్లీ పైకెత్తడం. ఒక్కోసారి అది నిలబడదు, ఎందుకంటే రేకు ఇంకా వంగే ఉంది. ఎండాకాలం రాత్రి ఏసీ ట్రిప్ అయినప్పుడు నాన్నగారు మీటతో కుస్తీ పట్టడం మీరు చూసే ఉంటారు, అది ఇదే. చల్లారాక నిలబడిందే అనుకోండి, అన్ని సర్వర్లూ ఒకేసారి మేల్కొంటాయి. ఒక్కో పవర్ సప్లై లోపల ఖాళీ కెపాసిటర్ ఉంటుంది. అది నిండే కొన్ని మిల్లీసెకన్లు పదుల ఆంపియర్లు గుటకేస్తుంది. ఇరవై సర్వర్లు ఒకేసారి గుటకేస్తే ఈసారి రేకుతో పనిలేదు, అయస్కాంతమే ఠక్కుమని తెంపేస్తుంది. అందుకే మంచి స్ట్రిప్పులు సాకెట్లను ఒకదాని తర్వాత ఒకటి, కొంత ఎడంతో వెలిగిస్తాయి. 2017 మే 27న బ్రిటిష్ ఎయిర్‌వేస్ కంప్యూటర్లు పోయి 75 వేల మంది ప్రయాణికులు ఇక్కట్లు పడ్డప్పుడు, దాని మాతృసంస్థ అధిపతి విల్లీ వాల్ష్ చెప్పింది గుర్తుపెట్టుకోదగ్గది: ఒక ఇంజినీరు కరెంటు తీయడం ఒక ఎత్తు, అదుపు లేకుండా తిరిగి ఇవ్వడం మరో ఎత్తు. అసలు నష్టం రెండోదానివల్లే.

ఏం చేయాలంటారా? లెక్క చిన్నదే. ఆగకుండా నడిచే లోడు బ్రేకర్‌లో 80 శాతం దాటకూడదని అమెరికా విద్యుత్ నియమావళి చెప్పింది, డేటా సెంటర్లవాళ్లు చాలాచోట్ల అదే పాటిస్తారు. 32లో 80 శాతం 25.6. ఇది ఒక్కో పక్కకు కాదు, రెండు పక్కలూ కలిపి. అంటే ఒక్కో స్ట్రిప్ తెర మీద 12.8 ఆంపియర్లు కనిపిస్తే అదే ఆఖరి గీత. పని మొదలుపెట్టే ముందు రెండు స్ట్రిప్పుల అంకెలూ కూడి చూస్తే చాలు. ముందే పరీక్షించి పెట్టుకోవాలంటే ఓ ఆదివారం తెల్లవారుజామున, నలుగురికీ చెప్పి, ఒక పక్క ఆపి చూడాలి. అయిదు నిమిషాలు చూసి 'ఓకే' అనేస్తారు, అదే నా బాధ. ప్రమాణం గంట అంటుంటే అయిదు నిమిషాల పరీక్ష ఎవరికి? ఒకే పవర్ సప్లై ఉన్న చిన్న స్విచ్‌ను ఎవడో 'ఏ' పక్క గుచ్చి మరిచిపోయి ఉంటాడు, అది బయటపడేది కూడా అప్పుడే.

పోయినేడు ఒకచోట, పేరెందుకు లెండి, లోపలికి వెళ్లడానికి రెండుసార్లు వేలిముద్ర, ఒకసారి కనుపాప అడిగారు. ఉమ్మడి ర్యాక్ తలుపు తెరిచారు. 'ఏ' స్ట్రిప్ మీద ఎర్రంకెల తెర ఉండాల్సిన చోట నీలం కేబుళ్ల కట్ట ఒకటి టైతో బిగించి ఉంది. వేలితో పక్కకు జరిపి చూశాను: 21.4. వంగి బీ పక్కది చూశాను: 20.8.