తెర అడుగున రెండు వరుసలు

2008వ సంవత్సరము మార్చి మాసమున శంషాబాదులో అంతర్జాతీయ విమానాశ్రయము ప్రారంభమైనది. అచట విమానమెక్కిన తెలుగువాడు కొలది గంటలలో విదేశమున దిగగలడు. తెలుగు చలనచిత్రమును అట్లే దేశాంతరములకు పోగలదు. కాని అందలి మాట అంత సులభముగా పోజాలదు. ఆ మాట తెలియని ప్రేక్షకుని కొరకు తెర అడుగున పరభాషలో చూపు అనువాదమునకే ఉపశీర్షికలని పేరు.

ఈ పని పైకి తేలికగా కనబడును. కాని పాత్రల ముఖములను చూచుచునే ప్రేక్షకుడు అక్షరములను చదువవలయును. అందుచే ఒక పర్యాయము రెండు వరుసలకు మించి వ్రాయరు. ఇంగ్లీషున ఒక్కొక్క వరుసలో సుమారు 40 అక్షరములుండును. అవి 6, 7 సెకండ్లకు మించి సాధారణముగా నిలువవు. కావున ఏది ఉంచవలెనో, ఏది విడువవలెనో అనువాదకుడు నిర్ణయింపవలయును.

స్థలము చాలినను భాష చాలని సందర్భములు కలవు. తెలంగాణ రైతాంగ పోరాటమును చిత్రించిన 'మా భూమి' 1979లో వెలువడినది. గౌతమ్ ఘోష్ దాని దర్శకుడు, బి. నరసింగరావు నిర్మాతలలో ఒకరు. ఆ పేరునే ఇంగ్లీషులోనికి మార్చి చూడుడు. 'మన' అన్నచో వినువానికిని పాలు కలదు. 'మా' అన్నచో లేదు. రైతు తోటి రైతుతో 'మన భూమి' అనును. దొరయెదుట 'మా భూమి' అనును. మొదటిది పొత్తు, రెండవది ధిక్కారము. ఇంగ్లీషున రెంటికిని 'అవర్' అను మాట యొక్కటే. 'అవర్ ల్యాండ్' అని చదివిన విదేశీయునకు ఆ ధిక్కారము వినబడదు.

ఆఫ్రికా భాషలకును ఇట్టి చిక్కులు కలవు. సెనెగల్ దేశీయుడైన ఉస్మాన్ సెంబేన్ 1968లో 'మందబి' అను చిత్రమును వోలోఫు భాషలో తీసెను. చదువురాని తన ప్రజలు విని గ్రహింపవలెనని ఆయన కోరిక. అందలి కథానాయకుడును చదువురానివాడే. పారిస్ నుండి వచ్చిన మనియార్డరు సొమ్ము పొందలేక అతడు కచేరీల చుట్టు తిరుగును. అట్టివాని మాటలను విదేశీయులు చదివియే తెలిసికొనవలసి వచ్చినది! వోలోఫువారి పలకరింపులు దీర్ఘములు. ఆ మర్యాద యంతయు రెండు వరుసలలో ఇమడదు.

నేర్పరియైన అనువాదకుడు పదమును గాక సందర్భమును అనువదించును. 'ఈ భూమి మాది, నీది కాదు' అను భావము వచ్చునట్లు వ్రాసి లోపమును పూరించును. అయితే 'మా'కును 'మన'కును గల భేదమును అతడు ముందుగా గుర్తింపవలయును. పరభాషలో ఎంత పాండిత్యమున్నను, మాతృభాష లోతు తెలియనివానికి ఆ భేదమే కనబడదు.