అమెరికా సీపీఏ మాట నమ్మి ఇండియాలో పన్ను లెక్క వేసుకోవచ్చా?

ముప్పై ఏళ్లు అమెరికాలో ఉద్యోగం చేశారు. పిల్లలు అక్కడే స్థిరపడ్డారు. ఇక మిగిలిన జీవితం హైదరాబాద్‌లోనో, విశాఖలోనో గడుపుదామని భార్యాభర్తలిద్దరూ వచ్చేశారు. చేతిలో 401(కె) ఖాతా, నెలనెలా వచ్చే సోషల్ సెక్యూరిటీ, అక్కడి బ్యాంకులో కొంత సొమ్ము, ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్లు ఉన్నాయి. ‘‘వీటికి ఇండియాలో పన్ను కట్టాలా?’’ అని ఏళ్ల తరబడి తమ రిటర్న్‌లు వేస్తున్న టెక్సస్ సీపీఏను అడిగారు. ‘‘ఇక్కడ కడుతున్నారుగా. రెండు దేశాల మధ్య ఒప్పందం ఉంది, అక్కడ మళ్లీ కట్టక్కర్లేదు’’ అన్నారాయన. వీళ్లు నిశ్చింతగా ఉండిపోయారు.

పేర్లు లేని ఉదాహరణే ఇది. కానీ ఇలాంటి దంపతులు మీ అపార్ట్‌మెంట్‌లోనో, మీ బంధువుల్లోనో ఉండే ఉంటారు. ఆ సీపీఏ చెప్పింది పూర్తిగా తప్పు కాదు. సోషల్ సెక్యూరిటీ వరకు సరైనదే. మిగతా వాటికి వర్తించకపోవచ్చు. చిక్కంతా అక్కడే ఉంది.

ఒకే ఒప్పందం, రెండు సమాధానాలు

భారత్-అమెరికా పన్నుల ఒప్పందంలో 20వ అధికరణం పెన్షన్ల గురించి చెబుతుంది. అందులోని రెండో పేరా ప్రకారం అమెరికా ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీపై పన్ను వేసే హక్కు అమెరికాదే. మీరు ఇండియాలో ఉన్నా ఇక్కడ దానిపై పన్ను పడదు. ఈ సంగతి తెలియని మన ఊరి సీఏ దాన్ని ‘ఇతర ఆదాయం’లో కలిపేస్తే, కట్టనక్కర్లేని పన్ను కట్టినట్టే. అంటే పొరపాటు విదేశీ సలహాదారుకే పరిమితం కాదు.

అదే అధికరణంలోని మొదటి పేరా ప్రైవేటు పెన్షన్ల విషయంలో దీనికి పూర్తిగా తిరగేసి చెబుతుంది. పెన్షన్ పుచ్చుకునే వ్యక్తి ఏ దేశంలో నివాసి అయితే ఆ దేశానికే పన్ను హక్కు. అంటే ఇక్కడ స్థిరపడ్డాక 401(కె) నుంచి క్రమంగా తీసుకునే పెన్షన్ విషయంలో ముందు మాట్లాడాల్సింది ఇండియా చట్టమే. (మొత్తం ఒకేసారి తీసేసుకుంటే అది పెన్షన్ కిందకు వస్తుందా అన్నదానిపై నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు.)

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా పన్ను వేసే హక్కును ఇదే ఒప్పందంలో అట్టిపెట్టుకుంది. కాబట్టి పక్కపక్క ఫ్లాట్లలో ఉన్న ఇద్దరికి ఒకే కంపెనీ నుంచి ఒకే మొత్తం 401(కె) సొమ్ము వస్తున్నా, ఒకరు అమెరికా పౌరుడు, మరొకరు గ్రీన్‌కార్డు వదులుకుని వచ్చిన భారతీయుడు అయితే సమాధానాలు వేరు. రెండో ఆయనకు అమెరికాలో మామూలుగా కోసే 30 శాతం పన్నును ఒప్పందం చూపించి తప్పించుకునే అవకాశం ఉంది. మొదటి ఆయన రెండు దేశాల్లోనూ ఆదాయం చూపాలి. ముందు ఇక్కడ కట్టి, దాని క్రెడిట్‌ను అమెరికా రిటర్న్‌లో అడగాల్సి రావచ్చు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తుంటారు.

గ్రీన్‌కార్డు విషయంలో ఒక హెచ్చరిక. దాన్ని బీరువాలో పడేసి వచ్చినంత మాత్రాన వదులుకున్నట్టు కాదు. అధికారికంగా వదులుకోనంత వరకు అక్కడి పన్ను బాధ్యత వెంటే ఉంటుంది. చివరి 15 ఏళ్లలో ఎనిమిదేళ్లు కార్డు ఉన్నవారైతే, వదులుకునేటప్పుడు పడే పన్ను గురించి కూడా ముందే అడగాలి.

విదేశీ సలహాదారు కంటికి ఆనని విషయాలు

డాలస్‌లో కూర్చున్న సీపీఏకు మన చట్టంలో బహుశా ఎప్పుడూ ఎదురుపడని మాట ‘ఆర్‌ఎన్‌ఓఆర్’. నివాసి అయినా మామూలు నివాసి కాని హోదా ఇది. అంతకుముందు పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్‌రెసిడెంట్‌గా ఉన్నా, లేదా అంతకుముందు ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు మించకపోయినా ఈ హోదా దక్కుతుంది. తిరిగొచ్చినవారికి సాధారణంగా రెండేళ్లు, కొందరికి మూడేళ్లు ఇది ఉంటుంది. ఆ కాలంలో విదేశాల్లో వచ్చి, విదేశాల్లోనే అందే ఆదాయంపై ఇక్కడ పన్ను పడదు. విదేశీ ఆస్తుల వివరాలు రిటర్న్‌లో రాయాల్సిన అవసరమూ ఉండదు. 401(కె) నుంచి పెద్ద మొత్తం తీసే ఆలోచన ఉంటే, ఏ ఏడాది తీయాలన్నది ఈ గడువును బట్టి తేల్చుకోవాలి. అది దాటిపోయాక తెలిస్తే చేసేదేమీ లేదు.

అయితే ఈ హోదా విదేశీ ఆదాయానికే. ‘‘ఆర్‌ఎన్‌ఓఆర్ ఉంది కదా, ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి కూడా పన్ను ఉండదు’’ అన్న మాట వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంటుంది. అది తప్పు. ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మినహాయింపు ఫెమా చట్టం ప్రకారం ఇండియా బయట ఉండేవారికి. ఆదాయపు పన్ను చట్టం రోజులు లెక్కపెడుతుంది, ఫెమా మీ ఉద్దేశం కూడా చూస్తుంది. ఇక్కడే ఉండిపోదామని వచ్చారంటే ఫెమా దృష్టిలో నివాసే. బ్యాంకుకు చెప్పి ఖాతాను రెసిడెంట్ ఖాతాగా మార్పించుకోవాలి, లేదా డాలర్లు డాలర్లుగానే ఉండేలా ఆర్‌ఎఫ్‌సీ ఖాతాకు మళ్లించాలి. ఇక అమెరికా పౌరులకైతే ఎన్‌ఆర్‌ఈ వడ్డీ మొదటి నుంచీ అక్కడ పన్ను పడే ఆదాయమే.

ఆర్‌ఎన్‌ఓఆర్ గడువు ముగిశాక ప్రపంచంలో ఎక్కడ వచ్చిన ఆదాయమైనా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. 401(కె) లోపల ఏటా పోగయ్యే డివిడెండ్లపై, చేతికి రాకముందే పన్ను పడకుండా ఉండేందుకు పాత చట్టంలో 89ఎ సెక్షన్ తెచ్చారు. అమెరికా, బ్రిటన్, కెనడాల్లోని రిటైర్మెంట్ ఖాతాలకు ఇది వర్తిస్తుంది. అక్కడ డబ్బు తీసుకున్నప్పుడు ఎప్పుడు పన్ను పడుతుందో ఇక్కడా అప్పుడే పడాలని కోరుకోవచ్చు. కానీ అడిగితేనే. దానికి ఫారం 10-ఈఈ గడువులోగా ఆన్‌లైన్‌లో వేయాలి, ఒకసారి కోరుకున్నాక వెనక్కి తీసుకోలేరు. రాత్ ఐఆర్‌ఏ సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. అక్కడ పన్ను లేకుండా తీసుకోవచ్చన్న మాట అమెరికా చట్టం ఇచ్చింది, ఇండియా చట్టం కాదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం-2025 వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారిపోయాయి. పైన చెప్పినవి అందరికీ అలవాటైన పాత సంఖ్యలు. మీ సలహాదారుకు ఇండియా పన్నులు ఎంత తెలుసో పరీక్షించాలంటే, ముందుగా ఈ మార్పు గురించి అడిగి చూడండి.

ఇక్కడి సలహాదారుకు తెలియనివి

న్యాయంగా చెప్పాలంటే మన సీఏలకు, బ్యాంకు రిలేషన్‌షిప్ మేనేజర్లకు కూడా గుడ్డి మచ్చలున్నాయి. తిరిగొచ్చిన అమెరికా పౌరుడితో ‘‘మంచి మ్యూచువల్ ఫండ్ ఉంది సార్’’ అని సిప్ మొదలుపెట్టించేస్తారు. అమెరికా చట్టం భారతీయ మ్యూచువల్ ఫండ్‌ను ‘పీఫిక్’ అనే కఠినమైన వర్గంలో చూస్తుంది. అత్యధిక రేటుతో పన్ను, దానిపై వడ్డీ, ఒక్కో ఫండ్‌కు ఒక్కో ఫారం. వచ్చిన లాభంలో పెద్ద భాగం ఆ ఫారాలు నింపిన అకౌంటెంట్ ఫీజుకే పోవచ్చు.

బ్యాంకు ఖాతాల సంగతీ అంతే. అమెరికా పౌరుడికి, గ్రీన్‌కార్డుదారుకు బయటి దేశాల్లో ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్క రోజైనా 10 వేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అనే నివేదిక వేయాలి. అమ్మతో కలిపి ఉన్న జాయింట్ ఖాతా కూడా అందులోకి వస్తుంది.

తప్పు సలహాకు ఎవరు బాధ్యులు?

రొమేనియాలో పుట్టి అమెరికా పౌరుడైన అలెగ్జాండ్రు బిట్నర్ 1990లో సొంత దేశానికి తిరిగెళ్లి వ్యాపారం చేశారు. ఎఫ్‌బార్ సంగతి తనకు తెలియదని తర్వాత చెప్పారు. 2011లో అమెరికా వచ్చాక ఒక అకౌంటెంట్‌ను పెట్టుకుని పాత నివేదికలు వేస్తే, వాటిలో ఎక్కువ సొమ్మున్న ఒక్క ఖాతానే చూపారు. మరో అకౌంటెంట్ అన్నీ సరిచేయాల్సి వచ్చింది. ఐదేళ్లకు మొత్తం 272 ఖాతాల లెక్కన 27.2 లక్షల డాలర్ల జరిమానా పడింది. జరిమానా ఖాతాకు కాదు, నివేదికకు అని 2023లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పడంతో అది 50 వేల డాలర్లకు దిగింది. ఆయన అంతదూరం పోరాడగలిగారు కాబట్టి సరిపోయింది.

అంతకు చాలాముందే, 1985లో బోయిల్ కేసులో అదే కోర్టు ఇంకో గీత గీసింది. లాయరు గడువు మర్చిపోయాడన్నది రిటర్న్ ఆలస్యానికి సాకు కాదని తేల్చింది. గడువు గుర్తుంచుకోవడం మీ పని. చట్టం ఏం చెబుతుందన్న విషయంలో నిపుణుడి తప్పు సలహా నమ్మి నష్టపోతే మాత్రం జరిమానా నుంచి ఊరట దొరకవచ్చు. దానికి ఆ వ్యక్తి ఆ చట్టంలో నిజంగా సమర్థుడై ఉండాలి, మీరు వివరాలన్నీ చెప్పి ఉండాలి. ఇండియా పన్ను గురించి టెక్సస్ సీపీఏ ఫోన్లో అన్న మాట ఈ పరీక్షకు నిలుస్తుందా అన్నది మీరే ఆలోచించండి.

మన దగ్గర ఇది ఇంకా కటువు. పూర్తి నివాసి అయ్యాక విదేశీ ఆస్తులను షెడ్యూల్ ఎఫ్‌ఏలో చూపకపోతే, కట్టాల్సిన పన్ను ఏమీ లేకపోయినా నల్లధనం చట్టం కింద ఏడాదికి రూ.10 లక్షల జరిమానా వేయవచ్చు. స్థిరాస్తి కాకుండా మిగతా ఆస్తుల మొత్తం రూ.20 లక్షలు మించకపోతే 2024 అక్టోబర్ నుంచి ఈ జరిమానా లేదు. కానీ ముప్పై ఏళ్ల 401(కె) అంత చిన్నగా ఉండదు కదా. పైగా ఆ సమాచారం ఆదాయపు పన్ను శాఖకు అమెరికా నుంచి వస్తూనే ఉంది. 2024 నవంబర్‌లో సందేశాలు పంపి గుర్తుచేస్తే 24,678 మంది తమ రిటర్న్‌లు సరిచూసుకున్నారు. బయటపడిన విదేశీ ఆస్తులు రూ.29,208 కోట్లు.

మరి ఎవరిని నమ్మాలి?

ఏ దేశం రిటర్న్‌కు ఎవరు బాధ్యత తీసుకుంటారో ఆ దేశం విషయంలో వారిని నమ్మండి. అమెరికాలో డబ్బు తీసుకుని రిటర్న్ తయారుచేసే వ్యక్తి దానిపై తన సంతకం, పీటిన్ నంబరు పెట్టాలి. సీపీఏ లైసెన్సును ఆయా రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్లో, మన సీఏ సభ్యత్వాన్ని ఐసీఏఐ దగ్గర సరిచూసుకోవచ్చు. మీ సీపీఏతో చేసుకున్న ఒప్పంద పత్రం తీసి చదవండి. సేవలు అమెరికా పన్నులకే పరిమితమన్న వాక్యం చాలావరకు అందులోనే ఉంటుంది. అంటే ఇండియా గురించి ఆయన చెప్పింది సలహా కాదు, మాటవరసకు అన్న మాట.

ఇద్దరు సలహాదారులు కావాలా అంటే, అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి కావాలనే నా అభిప్రాయం. ఖర్చే, కాదనను. కనీసం తిరిగొచ్చే ఏడాది, ఆర్‌ఎన్‌ఓఆర్ ముగిసే ఏడాది ఇద్దరినీ ఒకే కాల్‌లో కూర్చోబెట్టండి. పౌరసత్వం, గత పదేళ్లలో ఇండియాలో ఉన్న రోజులు, ఖాతాల రకాలు రాసి ఇద్దరికీ ఒకే ఈమెయిల్ పంపండి. జవాబు కూడా రాతపూర్వకంగానే అడగండి. ‘‘మీకు ఫీజు నా నుంచే వస్తుందా, నేను కొనే పెట్టుబడి మీద కమీషన్ కూడా వస్తుందా?’’ అని అడగడానికి మొహమాటపడొద్దు.

చివరగా ఒక చిన్న విషయం. షెడ్యూల్ ఎఫ్‌ఏకు జనవరి నుంచి డిసెంబర్ వరకు లెక్కన ప్రతి ఖాతాలో గరిష్ఠ నిల్వ, ఏడాది చివరి నిల్వ కావాలి. ఆ స్టేట్‌మెంట్లు డౌన్‌లోడ్ చేయాలంటే చాలా పోర్టళ్లు అమెరికా ఫోన్ నంబరుకే ఓటీపీ పంపుతాయి. విమానం ఎక్కేముందు ఆ నంబరును రద్దు చేయకండి. ఇండియాలో పనిచేసేలా మార్పించుకోండి.