బరువు దించుకునే చోటు



తమిళనాట పాత బాటల పక్కన మీరొక రాతి కట్టడం చూసే ఉంటారు. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక బండ. అంతే. గుడి కాదు, మంటపం కాదు. అరుగు అనుకుందామంటే కూర్చోవడానికి మరీ ఎత్తు. దాన్ని సుమైతాంగి అంటారు. సుమై అంటే బరువు, తాంగి అంటే మోసేది. మేము తెలుగువాళ్లమే అయినా మా ఇంట్లోనూ ఆ మాటే వాడేవాళ్లం.

బస్సులు, లారీలు లేని రోజుల్లో సంతకు పోయే మనిషి తల మీద చుట్టకుదురు, దాని మీద గంప పెట్టుకుని మైళ్ల కొద్దీ నడిచేవాడు. మెడ పట్టేసినా మధ్యలో దించుకోవడానికి లేదు. ఒంటరిగా ఉన్నవాడు గంపను నేల మీదికి దించితే, మళ్లీ తలకెత్తేదెవరు? అందుకే ఆ బండను నేల మీద కాక మనిషి ఎత్తుకు కట్టారు. ఎవరినీ బతిమాలకుండా గంపను దాని మీదికి జరపవచ్చు, కాసేపు ఊపిరి పీల్చుకుని మళ్లీ తల మీదికి జరుపుకోవచ్చు. నిండు చూలాలుగా కన్నుమూసిన స్త్రీల జ్ఞాపకంగా ఇలాంటి రాళ్లు నిలిపే ఆచారం కూడా ఉండేది. తన బరువు దించుకోకుండానే వెళ్లిపోయిన ఆడబిడ్డ పేరున దారిన పోయేవారి బరువు దించడమన్నమాట. ఈ ఆలోచన ఎవరికి మొదట తట్టిందో గాని, వారికి దణ్ణం పెట్టాలి.

అలసినవారి మీద దేవునికి ఉండే కనికరాన్ని గురించి క్రైస్తవ విశ్వాసం ఏం చెబుతుందో నాలుగు మాటలు చెప్పమని నన్నడిగారు. నాకు మొదట గుర్తుకు వచ్చింది ఆ రాయే.

మత్తయి సువార్త పదకొండో అధ్యాయం చివర యేసు ఒక పిలుపు ఇస్తాడు. శ్రమపడి బరువులు మోస్తున్నవారంతా తన దగ్గరకు రావాలనీ, వారికి విశ్రాంతి ఇస్తాననీ దాని సారాంశం. సువార్త మూలభాష గ్రీకు. అందులో ఇక్కడ రెండు మాటలున్నాయి. ఒకటి పనిచేసి పనిచేసి సొలసిపోయినవారిని చెబుతుంది. రెండోది ఎవరో బరువెత్తగా మోస్తున్నవారిని చెబుతుంది. ఓడకో గాడిదకో సరుకెత్తడానికి వాడే మాట అది. అంటే తమ చేతుల కష్టంతో అలసినవారూ, ఇతరులు మోపిన బరువుతో అలసినవారూ, ఇద్దరూ ఆ పిలుపులో ఉన్నారు. పిలిచింది ఎవరిని? గలిలయ సీమలో చేపలు పట్టేవారిని, కూలి చేసుకునేవారిని, పన్నులతో నలిగిన రైతులను. దానికి కొంచెం ముందే యేసు దేవునికి కృతజ్ఞత చెబుతూ, జ్ఞానులకు తెలియని సంగతి పసివారికి తెలిసిందంటాడు. మా ఉపాధ్యాయ వర్గం కాస్త నిదానించి చదవవలసిన చోటు.

కనికరం అన్న మాటను కూడా ఒకసారి చూద్దాం. కాపరి లేని గొర్రెల్లా చెదరిన జనాన్ని చూసి యేసు కనికరపడ్డాడని అదే సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. అక్కడి గ్రీకు క్రియ స్ప్లాంఖ్న అన్న పదం నుంచి పుట్టింది. ఆ పదానికి అర్థం పేగులు. దీన్ని పాఠంలా బోధించాలంటే తమిళ పిల్లలకు కొంచెం వివరించాలి గాని, తెలుగు పిల్లలకు అక్కరలేదు. కడుపు తరుక్కుపోయింది అంటాం కదా, అదే. పాత నిబంధన భాష అయిన హెబ్రీలోనూ ఇలాంటిదే ఉంది. కరుణకు వారు వాడే రహమీమ్ అన్న మాటకూ, తల్లి గర్భాన్ని చెప్పే రెహెమ్ అన్న మాటకూ ధాతువు ఒకటే. మనం కన్నపేగు అంటాం. సింహాసనం మీద కూర్చున్న దొర కిందికి చూసి జాలిపడటం వేరు, కడుపులో పేగు కదలడం వేరు. బైబిలు చెప్పేది ఈ రెండోదాన్ని.

ఏలీయా ప్రవక్త కథలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. రాజుల మొదటి గ్రంథం పందొమ్మిదో అధ్యాయంలో ఉంది. రాణి యెజెబెలు ప్రాణం తీస్తానని కబురు పంపితే ఏలీయా ఎడారిలోకి పారిపోతాడు. ఒక చెట్టు కింద చతికిలబడి, ఇక చాలు, నా ప్రాణం తీసేయమని దేవుణ్ణి అడిగి నిద్రపోతాడు. ప్రవక్త అయివుండి ఇంత అధైర్యమా అని దేవుడు మందలించాడా? లేదు. దేవదూత వచ్చి తట్టి లేపి తినమన్నాడు. తల దగ్గర నిప్పుల మీద కాల్చిన రొట్టె, కుండలో నీళ్లు ఉన్నాయి. తిన్నాడు, తాగాడు, మళ్లీ పడుకున్నాడు. రెండోసారీ అంతే. దూత లేపి, ముందున్న ప్రయాణం నీ శక్తికి మించినదని చెప్పి మళ్లీ తినిపించాడు. నీవిక్కడ ఏం చేస్తున్నావన్న ప్రశ్న ఎప్పుడొచ్చిందనుకున్నారు? నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాక. తిండి ముందు, నిద్ర ముందు, ప్రశ్న తరువాత.

ఈ వరుస నాకు తెలియక కాదు. చిన్నప్పటి నుంచీ విన్న కథే. అయినా ఒక పిల్లవాడి విషయంలో నేను దాన్ని తలకిందులు చేశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే ఇరవై ఏళ్ల కిందట, హోసూరు వైపు ఒక ఊళ్లో ఏడో తరగతికి చెప్పేదాన్ని. ఒక కుర్రవాడు రోజూ మొదటి పీరియడులోనే కునికేవాడు. నాలుగు రోజులు చూశాను. ఐదో రోజు బెంచీ మీద నిలబెట్టి, నీకు చదువెందుకు అని అందరి ముందూ అనేశాను. సాయంత్రం వాళ్లమ్మ వచ్చింది. కోపంగా రాలేదు, తప్పు చేసినదానిలా వచ్చి గుమ్మం బయటే నిలబడింది. "తెల్లారకముందే గులాబీలు కొయ్యాల గదా టీచరమ్మా, ఎండెక్కితే వాడిపోతాయి. నాకు నడుము పట్టేసినాక వాడే మూడు గంటలకు లేసి వస్తాండాడు" అంది. నేను అడగవలసిన ప్రశ్నకు అడగకుండానే జవాబు చెప్పింది.

ఆ రాత్రి నాకు గుర్తొచ్చింది ఏలీయా కాదు. మత్తయి ఇరవై మూడో అధ్యాయంలో ధర్మశాస్త్ర బోధకుల గురించి యేసు అన్న కఠినమైన మాట గుర్తొచ్చింది. వారు మోయశక్యం కాని బరువులు కట్టి ఎదుటివారి భుజాల మీద పెడతారనీ, తాము మాత్రం వేలితోనైనా వాటిని కదిలించరనీ అంటాడు. అంతవరకు ఆ మాట ఏనాటి శాస్త్రులనో అన్నదనుకున్నాను. బోధకులు అన్న మాట అందులోనే ఉన్నా నాకు కనిపించలేదు.

మరునాటి నుంచి మొదటి పీరియడులో వాడిని వెనక వరండాలో పడుకోనిచ్చాను. తప్పిపోయిన పాఠం మధ్యాహ్నం చెప్పేదాన్ని. ఇది గొప్ప పనేమీ కాదు. ఆ ఇంటి అప్పు తీరలేదు, గులాబీలు పగలు విచ్చుకోవడం మొదలుపెట్టలేదు. మరుసటి ఏడు వాడు బడి మానేశాడు కూడా.

ఇక్కడ ఒక చిక్కుంది. మత్తయి సువార్తలో విశ్రాంతి ఇస్తానన్న నోటితోనే యేసు తన కాడి ఎత్తుకోమంటాడు. బరువు మోసి వచ్చినవాడికి కాడి ఇవ్వడమేమిటి? సుమైతాంగే నయం కదా, అడక్కుండా దించుకుని పోనిస్తుంది! చిన్నతనంలో ఈ మాట మా నాన్నగారినడిగాను. ఆయన సేద్యగాడు. ఎద్దు మెడ పుండు పడేది బరువుకు కాదమ్మా, అమరని కాడికి అన్నారు. సరిగా చెక్కని కాడి ఖాళీ బండికి కట్టినా మెడ ఒరిసిపోతుందట. ఇంకా, పని తెలియని కోడెను ఎప్పుడూ ఒంటిగా కట్టరు, పాత ఎద్దు పక్కన కడతారు, సగం బరువు అదే లాగుతుంది అన్నారు.

ఆయనకు గ్రీకు రాదు. కాని తన కాడి ఎలాంటిదో చెప్పడానికి యేసు నోట సువార్త ఉంచిన ఖ్రేస్తోస్ అన్న పదానికి మంచిది, దయగలది అనే అర్థాలతో పాటు వాడకానికి అనువైనది అన్న అర్థం కూడా ఉంది. యూదుల సంప్రదాయంలో ధర్మశాస్త్రాన్నే కాడి అనడం వాడుక. కాబట్టి ఏ నియమమూ లేని బతుకు ఇస్తానని యేసు అనడం లేదు. తన దగ్గర నేర్చుకోమంటున్నాడు, తాను సాత్వికుడనని చెబుతున్నాడు. యేసు వడ్రంగి గనుక నాగళ్లూ కాడిమానులూ చేసేవాడని రెండవ శతాబ్దంలో జస్టిన్ అనే రచయిత రాశాడు. సువార్తల్లో అది లేదు. పాత ఎద్దు పక్కన కోడె అన్న పోలిక కూడా అక్కడ లేదు, బోధకులు చెప్పుకునే వివరణ. అయినా నాకది నచ్చుతుంది, ఎందుకంటే చెప్పింది కాడి కట్టిన చేతులు.

కాడి మాట ఎత్తినప్పుడు ఇంకో జాగ్రత్త కూడా కావాలి. దేవుడున్నాడు, ఓర్చుకో అని బరువు మోసేవాడికి చెప్పి, మోపినవాడిని వదిలేయడం సులభం. బైబిలు అలా వదలదు. నిర్గమకాండంలో దేవుడు ఐగుప్తులోని బానిసల మొరతో పాటు వారిచేత పని చేయించేవారి సంగతీ ఎత్తుతాడు. ఎనభై ఒకటో కీర్తన ఆ విడుదలను భుజం మీది బరువూ చేతిలోని గంపా దిగిపోవడంగా వర్ణిస్తుంది. ఏడో రోజు విశ్రాంతిని విధించినప్పుడు కూడా యజమానికే కాదు, దాసదాసీలకు, పరదేశికి, ఎద్దుకు, గాడిదకు కూడా ఇచ్చారు.

మన తెలుగు నేల మీద ఇందుకొక ఉదాహరణ ఉంది. 1876 నుంచి 1878 వరకు దక్షిణదేశాన్ని మహాక్షామం పీడించింది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని గుత్తకు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి పని ఇచ్చాడు. పనిచేసినవారిలో ఎక్కువమంది ఊరి చివర బతికే పేదలు. కరువు సహాయం సాగినంత కాలం ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు, కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని. సహాయం ముగిశాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను చాలామంది చెబుతారు. నాకు మాత్రం దానికి ముందు ఆయన ఆగిన నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. మట్టి గంప నెత్తిన ఉన్న మనిషికి మొదట దక్కింది కూలి డబ్బు. చెన్నపట్నం మీదుగా పోయే ఆ కాలువను మీలో చాలామంది చూసే ఉంటారు.

మా దారిలో ఒక సుమైతాంగి ఉండేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు దాన్ని పడగొట్టారు. అడ్డబండ మాత్రం పక్కన నేల మీద అలాగే ఉంది. ఇప్పుడది కూర్చోవడానికి సరిపోయే ఎత్తు. పొద్దున్నే బస్సుకు వెళుతుంటే, పూల బుట్టలు కింద పెట్టుకుని ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు దాని మీద కూర్చుని కనిపిస్తారు. నన్ను చూస్తే కాస్త జరిగి చోటిస్తారు. నేనూ కూర్చుంటాను.

సెలవు.