కుట్టు మడతలో దాగిన రంగు

పాతకారును చూసేవారి కన్ను ముందుగా బానెట్టు వంపు మీదా క్రోమియం తళుకు మీదా నిలుస్తుంది. ఆ కారు ఎలాంటి మనుషుల కోసం తయారైందో, దశాబ్దాల పాటు వారిని ఎలా మోసిందో తెలియాలంటే మాత్రం తలుపు తీసి లోపలికి చూడాలి. సీట్లు, వాటి కింది స్ప్రింగులు, తలుపులకు లోపలివైపు బిగించే అట్టలైన డోర్ ప్యాడ్లు, పైకప్పు కింద బిగలాగి కట్టే రూఫ్ లైనింగ్, డాష్‌బోర్డు, కాళ్ల కింది మ్యాటు, ఇవన్నీ కలిస్తే కారు ఇంటీరియర్ అవుతుంది. మనిషి ఒళ్లు తగిలేదీ, చేతి చెమట అంటేదీ, అందువల్ల ముందుగా అరిగేదీ ఈ భాగమే. నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల మెట్ట ప్రాంతంలో, ఇంటి పక్కన వేసుకున్న రేకుల షెడ్డులో, పాత అంబాసిడర్‌కో ఫియట్‌కో ఈ లోపలి భాగాన్ని తిరిగి నిలబెట్టాలంటే ఎంత ఓపిక కావాలో, అంతకు మించి ఎక్కడ చేయి ఆపాలో తెలిసి ఉండాలి.

సింహాసనం నుంచి బెంచి సీటు దాకా

పాలమూరుకు 1890లో మహబూబ్‌నగర్ అన్న పేరు వచ్చింది ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీదనే. ఆ నిజాం కోసం ఆర్డరు చేసిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారు, 1911లో ఆయన మరణించిన తరువాత, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలో హైదరాబాదు చేరింది. బార్కర్ సంస్థ బాడీ కట్టిన ఆ పసుపు రంగు కారు ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. ఇంజను, చాసిస్ విషయంలో అది ఆనాటి ఇతర సిల్వర్ ఘోస్ట్‌లకు తోబుట్టువే అయినా, వెనుక భాగంలో సింహాసనంలా ఎత్తుగా అమర్చిన ఆసనం వల్ల దానికి 'సింహాసనపు కారు' అన్న ఖ్యాతి దక్కింది. ప్రభువు ఊరేగింపులో కూర్చోవలసిన తీరును ఆ ఆసనం ఒక్కటే చెప్పగలదు కనుక, దాన్ని తీసి మామూలు సీటు బిగిస్తే ఇంజను ఎంత చక్కగా తిరిగినా అది ఆ కారు కాజాలదు.

అంబాసిడర్ సీటు చెప్పే కథ వేరు. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివర మొదలుపెట్టిన ఈ కారు 2014 మే వరకు తయారైంది. స్టీరింగు పక్కన ఉండే గేరు కడ్డీ, ఆ కడ్డీ వల్ల అడ్డు లేకుండా ముందు పరిచిన ఒకే పొడవాటి సీటు దాని పాత నమూనాల గుర్తులు. జిల్లా అధికారి తనిఖీకి వెళ్లినా, పెళ్లికూతురు అత్తవారింటికి కదిలినా, టాక్సీలో ముందు ముగ్గురు, వెనుక అంతకు మించి సర్దుకున్నా, ఆ బెంచి సీటే అందరినీ మోసింది. అది పల్లపడిన చోటును బట్టి డ్రైవరు ఎటు ఒరిగి కూర్చునేవాడో కూడా చెప్పవచ్చు.

చట్టం చూసేది, చూడనిది

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ 2021 జులైలో కేంద్ర మోటారు వాహనాల నియమాలను సవరించి, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు 'వింటేజ్' గుర్తింపు ఇచ్చే పద్ధతిని తెచ్చింది. కొత్తగా నమోదుకు 20,000 రూపాయలు, ఆ తరువాత పునర్నమోదుకు 5,000 రూపాయలు రుసుముగా నిర్ణయించి, గుర్తింపు పదేళ్లు చెల్లుతుందని చెప్పింది. అప్పటికే నమోదైన వాహనాలు పాత నంబరును నిలుపుకోవచ్చు. కొత్తగా నమోదయ్యే వాటికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక శ్రేణి వస్తుంది. ఇలా నమోదైన వాహనాన్ని ప్రదర్శనకో ర్యాలీకో, ఇంధనానికో మరమ్మతుకో రోడ్డెక్కించవచ్చు గానీ, రోజువారీ తిరుగుడుకూ వ్యాపారానికీ వాడరాదు.

వాహనం మూలరూపంలోనే ఉండాలని కోరే ఈ నియమాలు, గణనీయమైన మార్పు అంటే ఏమిటో చెప్పేటప్పుడు చాసిస్, బాడీ, ఇంజనుల పేర్లే ఎత్తుతాయి. సీటు బట్ట ఏ రంగులో ఉండాలో, రూఫ్ లైనింగ్ దేనితో కుట్టాలో వాటికి పట్టలేదు. అందువల్ల కారు లోపలి భాగానికి యజమాని వివేకమే కాపలా. ప్రపంచంలోని పాతవాహన సంఘాల సమాఖ్య అయిన ఫీవా తన టురిన్ చార్టర్‌లో, పునరుద్ధరణ కన్నా ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటానికే మొదటి చోటు ఇచ్చి, తప్పనిసరై మార్చిన ప్రతిదాన్నీ రాసి ఉంచాలని చెప్పడం ఈ వివేకానికి ఒక కొలబద్ద.

ఎండ, దుబ్బ, ఎలుక

ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఈ జిల్లాల్లో, కారు లోపలి భాగానికి మొదటి శత్రువు ఎండ. సీటు తొడుగుగా వాడే రెగ్జిన్ అన్న మాట నిజానికి బ్రిటన్‌లోని ఒక సంస్థ బట్ట మీద సెల్యులోజు పూత పూసి అమ్మిన తోలు నకలుకు వాణిజ్య నామం. నేడు అదే పేరుతో దొరికేది పీవీసీ పూత వేసిన బట్ట. పీవీసీ స్వభావతః గట్టిది కాబట్టి దాన్ని మెత్తబరచడానికి ప్లాస్టిసైజర్లనే నూనెలాంటి రసాయనాలను కలుపుతారు. వేసవిలో 43 డిగ్రీలు దాటే ఊళ్లలో, అద్దాలు మూసిన కారులో అంతకన్నా ఎంతో ఎక్కువ వేడెక్కే సీటు మీద, ఆ రసాయనాలు ఏటికేడు ఆవిరైపోగా రెగ్జిన్ పెళుసుబారి, ముందుగా కుట్టు వెంబడి చిట్లుతుంది. లోపలి స్పాంజి కూడా వేడికి గుల్లబారి, ముట్టుకుంటే పిండిలా రాలుతుంది.

చెల్క నేలల నుంచి లేచే ఎర్రటి దుబ్బ రెండో శత్రువు. అది కుట్టు రంధ్రాల్లో చేరి, మనిషి కూర్చుని లేచిన ప్రతిసారీ ఆకురాయిలా దారాన్ని కోస్తుంది. మూడోది ఎలుక. ఆడకుండా నిలబెట్టిన కారులోని దూది, కొబ్బరిపీచు, గోనెపట్టా దానికి తయారుగా ఉన్న గూడు. అందుకే సీటు కింద పెంటికలు కనిపిస్తే పొడిగా ఊడ్చి దుమ్ము లేపకుండా, ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగు వేసుకుని, క్రిమిసంహారక ద్రవంతో తడిపి తుడవడం మొదటి పని. బ్యాటరీ తీగ విప్పి, ఎలుక కొరికిన వైర్లను వెతకడం రెండోది.

విప్పడమే అసలు విద్య

పునరుద్ధరణలో తప్పులు ఎక్కువగా జరిగేది కుట్టేటప్పుడు కాదు, విప్పేటప్పుడే. ప్రతి దశకూ ఫొటో తీసి, ప్రతి మరనూ పొట్లంలో కట్టి పేరు రాసి, సీటును చట్రంతో సహా బయటికి తెచ్చి బండల మీద బోర్లించాక, తొడుగును చట్రానికి పట్టి ఉంచే ఇనుప కొక్కేలను ఒక్కొక్కటిగా వంచి తీయాలి. తొడుగును చింపి లాగేస్తే కొత్తదానికి కొలత పోతుంది; కుట్టును బ్లేడుతో దారం వెంట విప్పి, ముక్కలకు వరస సంఖ్యలు వేస్తే ఆ చిరుగు ముక్కలే కొత్త రెగ్జిన్ కత్తిరించడానికి అచ్చులవుతాయి. రెండు ముక్కలు కలిసే చోట లోపలికి మడిచిన అర అంగుళం అంచును తెరిచినప్పుడు, పైన బూడిద రంగుకు తిరిగిన సీటు అసలు మెరూన్‌దో, ఆకుపచ్చదో బయటపడుతుంది; అర్ధశతాబ్దం ఎండ సోకని ఆ పట్టీ కారు పుట్టిన రంగుకు చెరగని సాక్ష్యం. రంగు ఎంపికకు కేటలాగు కన్నా నమ్మదగినది అదే.

తొడుగు తీశాక సీటు పొరలు పొరలుగా కనిపిస్తుంది: అడుగున స్ప్రింగులు, అవి పైకి పొడుచుకు రాకుండా ఆపే గోనెపట్టా, దానిపైన కొబ్బరిపీచో దూదో స్పాంజో. స్ప్రింగు తుప్పును రుద్ది రెడ్ ఆక్సైడ్ పూసి, విరిగినదాన్ని మాత్రమే మార్చి, గోనెపట్టాను సుతిలితో దబ్బనం పట్టి కుట్టడం నేర్పుకన్నా ఓర్పు అడిగే పని. మిర్యాలగూడ బియ్యం మిల్లుల ప్రాంతంలో గోనెకూ సుతిలికీ దబ్బనానికీ కొదవ ఉండదు. పత్తి పండే ఈ జిల్లాల్లో పరుపులు కుట్టేవారి చేతికి దూదిని ఎక్కడ ఒత్తుగా, ఎక్కడ పలుచగా పరచాలో తెలుసు. పాత విడిభాగాల కోసం విజయవాడ రహదారి పట్టి హైదరాబాదు ఆటోనగర్ దాకా వెళ్లవలసి రావచ్చు గానీ, సీటుకు ప్రాణమైన పనితనం ఊళ్లోనే ఉంది.

కొత్త తొడుగు ఎక్కించేటప్పుడు, అంతవరకు శత్రువుగా ఉన్న ఎండే సాయానికి వస్తుంది. నీడలో బిర్రుగా ఉండే రెగ్జిన్‌ను కాసేపు ఎండలో పరిస్తే అది మెత్తబడి సాగుతుంది. ఆ వెచ్చదనంలో లాగి కొక్కేలు బిగిస్తే, చల్లబడ్డాక ముడత లేకుండా సీటుకు అంటుకుపోతుంది.

రూఫ్ లైనింగ్‌కు ఇంకా జాగ్రత్త కావాలి. పైకప్పు వంపు ఒక్కో చోట ఒక్కో తీరుగా ఉంటుంది కాబట్టి లైనింగ్‌ను మోసే ఉక్కు కమ్ములు కూడా ఒకదానికొకటి సరిపోవు. తీసిన వరసలోనే సంఖ్యలు కట్టకపోతే గుడ్డ ఒకచోట జోలెలా వేలాడి, మరోచోట చిరిగేంత బిగుస్తుంది. డోర్ ప్యాడు అడుగంచు ఉబ్బి ఉంటే కారణం అట్టలో కాక తలుపులో ఉంటుంది: అద్దం పక్కనుంచి లోపలికి దిగే వాననీరు అట్టకు తగలకుండా అడ్డుగా అంటించిన ప్లాస్టిక్ కాగితాన్ని ఎప్పుడో ఒక మరమ్మతులో తీసి పారేసి ఉంటారు. ఆ కాగితం తిరిగి అంటించకుండా, మ్యాటు కింద నీరు నిలిచి తుప్పుపట్టిన నేల రేకును సరిచేయకుండా, ఎంత అందమైన తొడుగు వేసినా రెండు వానాకాలాల ముచ్చటే.

నేత బట్టకు తగిన చోటు

పోచంపల్లి ఇక్కత్తు ఉమ్మడి నల్లగొండ జిల్లాది, గద్వాల, నారాయణపేట నేతలు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లావి కావడంతో, సీట్లకు ఆ బట్టలే కుట్టించాలన్న కోరిక కలగడం సహజం. అయితే కట్టుకోవడానికి నేసిన బట్ట నిరంతరం రాపిడిని తట్టుకోలేదు, కారు పుట్టిన నాటి రూపానికీ అది చెందదు. ప్రభుత్వ అంబాసిడర్ల సీట్ల మీద తెల్లని తువ్వాలు పరిచే అలవాటు మాత్రం ఆ కారు చరిత్రలో భాగమే; ఆ తువ్వాలు స్థానంలో చేనేత దుప్పటి పరిస్తే ఉతకడానికీ తీయడానికీ వీలుంటుంది, కింది రెగ్జిన్‌కు ఎండ కూడా తగ్గుతుంది.

పని ముగిశాక మిగిలేది పాత రెగ్జిన్ ముక్కల మూట. దాన్ని పారేసే ముందు, కుట్టు మడతలో రంగు నిలిచిన పట్టీని జానెడు కత్తిరించి, ఏది మార్చారో, ఏది మార్చలేదో రాసిన చీటీతో కలిపి, సీటు కింద చట్రానికి కట్టి వదలడం మేలు. ఇప్పుడు కుట్టిన తొడుగు కూడా ఈ ఎండకు ఏదో ఒకనాడు చిట్లక మానదు. అప్పుడు ఆ సీటును బండల మీద బోర్లించేవారికి రంగు కోసం వెతుకులాట ఉండదు.