ఎక్కితే ఆయాసం, దిగితే నొప్పి

స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఇంజనీరుగా పనిచేస్తున్న పాఠకుడొకాయన ఇలా రాశారు: "రోజూ సైకిల్ మీదే ఆఫీసుకి వెళ్తాను. దారిలో ఎత్తులున్నాయి, చలికాలం ఎదురుగాలి కూడా. ఆయాసం వస్తుంది గానీ కాళ్ళనొప్పులు రావు. వారం మధ్యలో సాయంత్రాలు చదును దారిలో పరుగెత్తుతాను. దానికీ పెద్దగా రావు. ఆదివారం మాత్రం క్లబ్బు వాళ్ళతో అడవిలో ఓరియంటీరింగ్. ఆ రోజంతా హాయిగానే ఉంటుంది. సోమవారం తొడలు కాస్త పట్టేసినట్టుంటాయి. మంగళవారం మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవలసిందే. విచిత్రమేమిటంటే ఎక్కడం సులువు! కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయిందని క్లబ్బులో అందరూ అంటారు. నిజమేనా?"

నిజం కాదు. ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ ప్రశ్నలో కండరాల శాస్త్రంలోకెల్లా నాకు అత్యంత ఇష్టమైన సంగతి దాగి ఉంది. ఊరుకోవడం నా వల్ల కాదు.

ముందు ఓరియంటీరింగ్ గురించి రెండు ముక్కలు. చేతిలో మ్యాపు, దిక్సూచి. అడవిలో అక్కడక్కడ నారింజ, తెలుపు రంగుల గుడ్డ గుర్తులు వేలాడుతుంటాయి. వాటన్నిటినీ చెప్పిన వరసలో చేరుకుని అందరికన్నా ముందు తిరిగి రావాలి. ఏ దారిన పోవాలన్నది ఎవరి తెలివి వాళ్ళది. మొదటి బహిరంగ పోటీ 1897 అక్టోబరు 31న నార్వేలో జరిగింది. 1919లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ స్టాక్‌హోమ్ దగ్గర పెట్టిన పోటీతో స్వీడన్‌లో ఆట ఊపందుకుంది. మనకి కావలసింది మాత్రం మ్యాపులోని గోధుమరంగు ఎత్తురేఖలు. అవి ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయంటే నిటారు వాలు అన్నమాట. బాట లేని ఆ వాలులో, నాచు పట్టిన రాళ్ళ మీద, కూలిన చెట్లు దాటుకుంటూ మన ఇంజనీరుగారు కిందికి ఉరుకుతున్నారు. తొడలకి దెబ్బ తగులుతున్నది సరిగ్గా అక్కడే.

ఇక లాక్టిక్ ఆమ్లం సంగతి. 1907లో కేంబ్రిడ్జ్‌లో ఫ్లెచర్, హాప్కిన్స్ అనే ఇద్దరు కప్ప కండరాలని ఆక్సిజన్ అందకుండా పనిచేయిస్తే వాటిలో ఈ ఆమ్లం పోగవుతుందని, ఆక్సిజన్ ఇస్తే తగ్గిపోతుందని చూపించారు. ఆ తర్వాత ఆర్చిబాల్డ్ హిల్, ఓటో మేయర్‌హోఫ్ ఆ దారిలోనే పరిశోధించి 1922 సంవత్సరపు నోబెల్ బహుమతి పంచుకున్నారు. ఇంకేముంది, అలసటకీ నొప్పికీ అన్నిటికీ లాక్టిక్ ఆమ్లమే కారణమని లోకం తీర్మానించేసింది. 1930లో డెన్మార్క్‌లో ఐనార్ లుండ్స్‌గార్డ్ ఒక విషపదార్థం ఎక్కించి లాక్టిక్ ఆమ్లం బొత్తిగా తయారు కాకుండా ఆపేసినా, కండరం కాసేపు చక్కగా ముడుచుకుంటూనే ఉందని నిరూపించాడు. హిల్ పెద్దమనిషి, తన సిద్ధాంతం తలకిందులైందని బహిరంగంగానే ఒప్పుకున్నాడు. జిమ్ములు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

నొప్పి విషయంలో అసలు ముచ్చట ఏమిటంటే, సరైన జవాబు తప్పు జవాబు కన్నా ముందే అచ్చయింది. 1902లో అమెరికాలో థియోడోర్ హఫ్ అనే ఆయన వేళ్ళతో బరువు లాగించే పరికరం పెట్టి పరీక్షించి, మర్నాడు వచ్చే ఈ నొప్పి అలసట వల్ల వచ్చేది కాదు, కండరం లోపల ఏదో చిరగడం వల్ల వచ్చేదని రాశాడు. ఆ వ్యాసం మూలన పడింది. ఆమ్లం కథ పాఠ్యపుస్తకాలకెక్కింది. ఒక శతాబ్దం పాటు కోచ్‌లు ఆటగాళ్ళకి అదే వల్లెవేయించారు.

ఆమ్లం కథని తేల్చిపారేసే ప్రయోగం 1983లో జరిగింది. కొందరిని ట్రెడ్‌మిల్ మీద 45 నిమిషాలు పరుగెత్తించారు, ఒకసారి చదునుగా, ఒకసారి పది శాతం పల్లానికి. చదును పరుగులో రక్తంలో లాక్టేట్ పెరిగింది, నొప్పి రాలేదు. పల్లం పరుగులో లాక్టేట్ పెరగలేదు, నొప్పి దంచేసింది. ఆపైన పెరిగిన లాక్టేట్ కూడా పరుగు ఆపిన గంటా గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. ఆదివారం పుట్టి ఆదివారమే పోయినది మంగళవారం ఎలా బాధపెడుతుంది? పైగా అది చెత్త కాదు, ఇంధనం. గుండె కండరం దాన్ని ఇష్టంగా వాడుకుంటుందని కాలిఫోర్నియాలో జార్జ్ బ్రూక్స్ దశాబ్దాలుగా చెబుతూనే ఉన్నాడు.

మరి పల్లంలో ఏం జరుగుతోంది? 1952లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో బెర్నార్డ్ అబాట్, బ్రెండా బిగ్లండ్, మర్డాక్ రిచీ కలిసి చేసిన పని చూడండి. రెండు సైకిళ్ళని స్టాండు మీద నిలబెట్టి, వెనకా వెనకా చేర్చి ఒకే గొలుసుతో కలిపారు. ఒకరు మామూలుగా ముందుకి తొక్కుతారు. గొలుసు రెండో సైకిల్ పెడళ్ళని వెనక్కి తిప్పుతుంది. రెండో మనిషి ఆ తిరుగుడుని కాళ్ళతో అడ్డుకుంటూ బ్రేకు వేస్తూ ఉండాలి. రెండు సైకిళ్ళూ ఒకే వేగంతో తిరగాలంటే ఇద్దరూ ఒకే బలం పెట్టాలి కదా. తేడా ఒక్కటే. తొక్కేవాడి తొడ కండరం పొట్టిగా ముడుచుకుంటూ బలం పెడుతుంది. ఆపేవాడి తొడ కండరం బలం పెడుతూనే సాగిపోతుంది. ఇద్దరూ ఎంతెంత ఆక్సిజన్ వాడుతున్నారో కొలిచారు. పెడళ్ళు నెమ్మదిగా తిరిగేటప్పుడు తొక్కేవాడికి రెండు రెట్ల పైచిలుకు, వేగం పెరిగితే ఐదు రెట్లు ఎక్కువ ఆక్సిజన్ కావలసి వచ్చింది. రాయల్ సొసైటీలో ఈ ప్రయోగాన్ని ప్రదర్శించినప్పుడు చిన్నపాటి మనిషైన ఒక యువతి పెద్దగా కష్టపడకుండా కూర్చుని బ్రేకు వేస్తుంటే, అవతల బలిష్ఠుడైన యువకుడు ఆయాసంతో చతికిలబడ్డాడట. సభ బాగా ఆనందించిందని హిల్ తర్వాత రాశాడు. శరీరశాస్త్ర చరిత్రలో ఇంత అందమైన ప్రయోగాలు చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని నా అభిప్రాయం.

ఇంత చవక ఎలా? కండరంలో రెండు రకాల పోగులున్నాయి, లావువి మయోసిన్, సన్నవి ఆక్టిన్. ఇవి ఒకదాని మీద ఒకటి జారడం వల్లే కండరం ముడుచుకుంటుందని 1954 మేలో ఒకే 'నేచర్' సంచికలో పక్కపక్కనే రెండు వ్యాసాలు వచ్చాయి. ఒకటి ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కెలది. ఇంకోటి హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్‌లది. హక్స్‌లీలిద్దరికీ చుట్టరికమేమీ లేదు. మయోసిన్ పోగు నుంచి చిన్న చిన్న తలలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఒక్కో తల ఆక్టిన్‌ని పట్టుకుంటుంది, లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. ఇక్కడ కిటుకు ఏమిటంటే పట్టు వదలడానికే కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువు కావాలి. ప్రతి లాగుడుకీ ఒక ఏటీపీ ఖర్చు.

ఇప్పుడు అదే కండరం బలం పెడుతుండగా బయటి బరువు దాన్ని సాగదీస్తోందనుకోండి. తల ఆక్టిన్‌ని పట్టుకుంటుంది, కానీ లాగే అవకాశం రాకముందే బరువు దాన్ని వెనక్కి ఈడ్చి, పట్టు బలవంతంగా ఊడదీస్తుంది. ఏటీపీ ఖర్చవదు. ఊడిన తల వెంటనే ఇంకోచోట పట్టుకుంటుంది, మళ్ళీ ఊడుతుంది. బావిలోంచి నిండు చేద తోడేటప్పుడు జబ్బలు అలిసిపోతాయి. అదే చేదని తాడు జారనిస్తూ మెల్లగా దింపుతుంటే ఊపిరికి శ్రమే ఉండదు, అరిచేతులు మాత్రం కమిలిపోతాయి. సాగుతున్న కండరం పరిస్థితి అచ్చం అదే. పైగా అది ముడుచుకునేటప్పటి కన్నా ఎక్కువ బరువు మోయగలదు. మోయగలదు కాబట్టి నాడీవ్యవస్థ తక్కువ తంతువుల్నే పనిలోకి దింపుతుంది. బరువంతా ఆ కొద్ది తంతువుల మీదే పడుతుంది.

ఇక్కడికొచ్చాక నన్నెవరూ ఆపలేరు. ఒక్కో తంతువులో సార్కోమియర్లనే గదులు వరసగా పేర్చి ఉంటాయి, మిల్లీమీటరుకి సుమారు నాలుగువందలు. అన్నీ ఒకే బలంతో ఉండవు. తంతువు బాగా సాగినప్పుడు మయోసిన్, ఆక్టిన్‌ల అతివ్యాప్తి తగ్గుతుంది. అంటే ఎక్కువ సాగిన గది ఇంకా బలహీనపడుతుంది, బలహీనపడింది కాబట్టి ఇంకా సాగుతుంది. ఆస్ట్రేలియాలో డేవిడ్ మోర్గాన్ 1990లో దీన్ని లెక్కకట్టి, ఒక హద్దు దాటగానే అతి బలహీనమైన గది ఉన్నపళాన విచ్చుకుపోతుందని, తర్వాత దాని తరవాతి బలహీనమైనది, ఇలా ఒకదాని వెనక ఒకటి తెగుతాయని వాదించాడు. ఒకే ఒక్క గదిని పట్టుకుని సాగదీసి చూసినవాళ్ళు అన్నిసార్లూ అలా జరగడం లేదంటున్నారు. గదుల్ని పట్టి ఉంచే టైటిన్ అనే ప్రొటీన్ ఉంది, ముప్పైనాలుగు వేలకి పైగా అమైనో ఆమ్లాలతో మన ఒంట్లోకెల్లా అతి పెద్దది. అదే కాపాడుతుందని వాళ్ళ వాదన. నాకు మాత్రం మోర్గాన్ లెక్కే నచ్చుతుంది, ఎందుకంటే దెబ్బ అక్కడొకటి ఇక్కడొకటిగా ఎందుకుంటుందో అది చెప్పగలదు. అలా ఉంటుందని కళ్ళారా చూసినవాళ్ళున్నారు. మన పాఠకుడి దేశంలోనే, ఉమియో విశ్వవిద్యాలయంలో యాన్ ఫ్రీడెన్ బృందం 1980ల మొదట్లో కొందరిచేత మెట్లు దింపించి, వెనక్కి తిరిగే సైకిల్‌ని కాళ్ళతో ఆపించి, తర్వాత వాళ్ళ కండరం ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. గదికీ గదికీ మధ్య తిన్నగా ఉండవలసిన జెడ్ గీతలు అక్కడక్కడ వంకరపోయి, చెదిరి, కొన్నిచోట్ల మాయమైపోయి కనిపించాయి. హఫ్ ఊహించిన చిరుగులు అవే.

చిరగగానే నొప్పి రాదు. కాల్షియం లోపలికి చొరబడి, మరమ్మతు చేసే కణాలు వచ్చి చేరి, వాపు పెరిగి, నొప్పి నాడులు అతిసున్నితంగా మారడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే మంగళవారం. మెట్లు దిగడమంటే దెబ్బతిన్న కండరాన్ని మళ్ళీ బరువుతో సాగదీయడం. కాబట్టి అప్పుడే ప్రాణం పోయినట్టుంటుంది. అలిపిరి దారిలో మూడువేల ఐదువందల యాభై మెట్లెక్కి బస్సులో దిగినవాళ్ళని, నడిచే దిగినవాళ్ళని రెండ్రోజుల తర్వాత పలకరిస్తే ఎవరు ఎలా నడుస్తున్నారో చూడగానే తెలిసిపోతుంది.

సైకిల్ ఎందుకు బాధపెట్టదో ఇప్పుడు చెప్పనక్కర్లేదు. పెడల్ తొక్కేటప్పుడు తొడ ముడుచుకుంటూనే పనిచేస్తుంది. కాలు పైకి లేచేటప్పుడు అవతలి కాలి బలమే దాన్ని లేపుతుంది. పల్లం వస్తే వేగాన్ని ఆపేది చక్రాల బ్రేకు, తొడ కాదు. తొక్కడం ఆపితే పెడల్ కూడా ఆగే ఏర్పాటు లేని సైకిళ్ళు కొన్ని ఉంటాయి, వాటిని కాళ్ళతో ఆపేవాళ్ళకి ఈ భోగం లేదు. పరుగులో మాత్రం ప్రతి అడుగుకీ పాదం నేల తాకిన క్షణాన మోకాలు కొంచెం వంగుతుంది, తొడ సాగుతూ దాన్ని అడ్డుకుంటుంది. చదునులో కొద్దిగా, పల్లంలో చాలా. ఇందులో దొంగదెబ్బ ఒకటుంది. పల్లంలో ఊపిరి హాయిగా ఆడుతుంది, గుండె నిమ్మళంగా కొట్టుకుంటుంది. గుండె వేగం చూసి లెక్కకట్టే చేతి గడియారాలు అది తేలిక వ్యాయామమని మెచ్చుకుంటాయి. ఆపమని చెప్పేవాళ్ళెవరూ లేరు, లోపలా బయటా.

మందు? ఉంది. విచిత్రమైన మందు. ఒకసారి ఇలా దెబ్బతిన్న కండరం కోలుకున్నాక, కొన్ని వారాల్లోపు అదే పని మళ్ళీ చేయిస్తే నొప్పి బాగా తక్కువ. ఎందుకన్నదానికి ఒక అందమైన ఆధారం ఎలుకల నుంచి వచ్చింది. 1994లో లిన్, మోర్గాన్ కొన్ని ఎలుకల్ని పల్లానికి, కొన్నిటిని ఎత్తుకి పరుగెత్తించి చూస్తే, పల్లం ఎలుకల తొడ తంతువుల్లో సార్కోమియర్లు ఎక్కువగా ఉన్నాయి. గదులు పెరిగితే అదే సాగుడు ఎక్కువమందికి పంచబడుతుంది, ఎవరూ హద్దు దాటరు. కాబట్టి వారం మధ్య పరుగుని చదును నుంచి మార్చి, కొద్దికొద్దిగా పల్లం కలపండి, మొదట చిన్న వాలు, మెల్లగా. సైకిల్ ఎన్ని కిలోమీటర్లు తొక్కినా ఈ పని జరగదు, ఊపిరితిత్తులకి మాత్రం బ్రహ్మాండం.

పరుగుకి ముందూ తర్వాతా కండరాలు సాగదీసే వ్యాయామాలు ఈ నొప్పిని చెప్పుకోదగ్గంతగా తగ్గించవని పరీక్షల సమీక్షలు తేల్చాయి. 'లాక్టిక్ ఆమ్లాన్ని కడిగేసే' మర్దనాలూ పానీయాలూ మాత్రం ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నాయి. మర్దనా హాయిగా ఉంటే చేయించుకోండి, లేని ఆమ్లాన్ని కడిగించుకోవడానికి మాత్రం డబ్బివ్వకండి. మూత్రం ముదురు టీ రంగులో వస్తే మాత్రం మాటల్లేవు, వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తండి.

ఇంకో ఉపయోగం చెప్పి ముగిస్తాను. అబాట్, బిగ్లండ్, రిచీల వెనక్కి తిరిగే సైకిల్ ఇప్పుడు మోటారుతో నడిచే యంత్రంగా మారింది. గుండె, ఊపిరితిత్తుల జబ్బులతో కొద్దిగా నడిస్తేనే ఆయాసపడేవాళ్ళకి, తక్కువ ఆక్సిజన్‌తో కాళ్ళకి బలం తెప్పించడానికి దాన్ని పరీక్షిస్తున్నారు. నొప్పి రాకుండా చాలా తక్కువ బరువుతో మొదలుపెడతారు. డెబ్భై ఏళ్ళ కిందట సభలో నవ్వించిన యంత్రం ఆసుపత్రుల్లో ఇంకా అరుదుగానే ఎందుకుందో, పొట్టకి మెషిన్లు కొనే జిమ్ములు దీని వైపు కన్నెత్తి కూడా ఎందుకు చూడవో నాకు అంతుపట్టదు.