మీరు చేసిన ఫోను ఎక్కడ నమోదవుతుంది?

మన ఆసుపత్రికి వచ్చే ప్రతి రోగికీ ఒక ఓ.పి. చీటీ ఉంటుంది. దాని మీద నంబరు, తేదీ, పేరు, వయసు, ఊరు, ఏ డాక్టరుగారు చూశారు, ఏ మందులు రాశారు అనే వివరాలన్నీ ఉంటాయి. ఆరు నెలల తరువాత వచ్చినా ఆ నంబరు చెబితే పాత కాగితాలు దొరుకుతాయి. మరి ఆసుపత్రికి రాకుండా ఇంటి నుండి ఫోను చేసినవారి మాటేమిటి? వారి కాల్‌కు కూడా ఒక చీటీ ఉంటుందా? "పొద్దున్నే ఫోను చేశామండీ, ఎవరూ ఎత్తలేదు" అని కౌంటరు దగ్గర ఎవరైనా చెబితే, ఆ కాల్ వచ్చినట్టు ఆసుపత్రికి తెలిసే మార్గం ఉందా?

ఉంది. కానీ అది దానంతట అది రాదు, అమర్చుకోవాలి. టెలిఫోన్ డెస్కులో పనిచేసే మేము ఈ సంచికలో ఆ అమరిక గురించి వివరిస్తున్నాము. ఇది కంప్యూటరువారి సంగతి, మనకెందుకు అనుకోవద్దు. ఎత్తని ఫోను వెనుక ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషి లెక్కలోకి వస్తాడా రాడా అన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

ఎత్తని ఫోను ఖరీదు

1935 నవంబరు 10న లండన్ నగరంలో వింపోల్ వీధిలోని ఒక డాక్టరుగారి ఇంట్లో మంటలు లేచాయి. పొరుగున ఉన్న ఒక దంతవైద్యుడు వెంటనే ఫోను తీశాడు. ఆ రోజుల్లో అలాంటి కాల్‌ను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు ఎత్తి కలపాలి. బంధువులతో కబుర్ల కోసం చేసిన ఫోనూ, ప్రాణాపాయంలో చేసిన ఫోనూ ఆపరేటరుకు ఒకేలా కనిపించేవి. ఆయన కాల్ వరుసలోనే ఉండిపోయింది. ఆ మంటల్లో అయిదుగురు స్త్రీలు చనిపోయారు. జరిగినదాన్ని ఆయన టైమ్స్ పత్రికకు ఉత్తరం రాశాడు. ప్రభుత్వం విచారణ జరిపింది. ఫలితంగా 1937 జూన్ 30న లండన్‌లో 999 అనే అత్యవసర నంబరు మొదలైంది. ఆ నంబరు తిప్పితే ఎక్స్ఛేంజిలో ఎర్రదీపం వెలిగేది, బజరు మోగేది.

గమనించవలసిన సంగతి ఏమిటంటే, ఆ దంతవైద్యుడు ఉత్తరం రాయకపోతే ఆ ఎత్తని కాల్ గురించి ఎవరికీ తెలిసేది కాదు. ఎత్తిన కాల్‌ను ఎత్తినవారు చెప్పగలరు. ఎత్తని కాల్‌ను ఎవరు చెప్పాలి? దానికే నమోదు కావాలి.

మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. 2007లో ఆరోగ్య సలహాల కోసం 104 వచ్చింది. మనకు రోడ్డు మీద కనిపించేది అంబులెన్సు మాత్రమే. కాల్ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎత్తారు, ఏం చేశారు అని రాసుకునే కంప్యూటరు వ్యవస్థ దాని వెనుక ఉంటుంది. చిన్న ఆసుపత్రి టెలిఫోన్ డెస్కుకు కావలసినదీ అలాంటి వ్యవస్థే, కాకపోతే చిన్న మోతాదులో.

కంప్యూటరు ఏమేమి రాసుకుంటుంది?

మీరు నంబరు నొక్కినప్పటి నుండి పెట్టేసేవరకు కొన్ని గుర్తులు పడతాయి. కాల్ వచ్చిన సమయం, మీ నంబరు, "ఓ.పి. సమయాల కోసం 1, రిపోర్టుల కోసం 2" అన్నప్పుడు మీరు నొక్కిన అంకె, వరుసలో చేరిన సమయం, మనిషి ఎత్తిన సమయం, మాట ముగిసిన సమయం, ముందు పెట్టేసింది మీరా మేమా అన్న సంగతి. చివరగా, మీరు ఎందుకు చేశారో డెస్కులో ఉన్నవారు ఒక కోడ్ నొక్కుతారు.

ఈ పని చేసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి. ఉదాహరణకు ఆస్టరిస్క్ అనేదాన్ని 1999లో అమెరికాలో మార్క్ స్పెన్సర్ అనే యువకుడు తయారుచేశాడు. దాన్ని ఉచితంగా తీసుకుని వాడుకోవచ్చు. దాన్ని చూపించి చెబితే విషయం సులభంగా అర్థమవుతుంది.

సాఫ్ట్‌వేరు పెట్టగానే సరిపోదు

సాఫ్ట్‌వేరు పెట్టి ఫోను మోగితే పని అయిపోయింది అనుకోకూడదు. నెలాఖరున నమ్మదగిన లెక్క రావాలంటే కొన్ని సంగతులు ముందే సరిచూసుకోవాలి.

మొదటిది, యంత్రం ఎత్తడం వేరు, మనిషి ఎత్తడం వేరు. ఒక తల్లి ఉదయం 9 గంటలకు ఫోను చేసిందనుకోండి. యంత్రం వెంటనే ఎత్తి స్వాగతం చెప్పింది. తరువాత 4 నిమిషాలు సంగీతం విని, విసిగి పెట్టేసింది. ఆస్టరిస్క్‌లోని మామూలు కాల్ పట్టికలో ఇది "జవాబు ఇచ్చిన కాల్, 4 నిమిషాలు" అని పడుతుంది. యంత్రం దృష్టిలో అది నిజమే. కానీ ఆ తల్లితో ఎవరూ మాట్లాడలేదు. వరుసకు సంబంధించిన పట్టిక వేరే ఉంటుంది. అందులో మాత్రం "240 సెకన్లు ఎదురుచూసి వెళ్లిపోయారు" అని పడుతుంది. మొదటి పట్టిక ఒక్కటే చూస్తే అందరికీ జవాబు దొరికినట్టే ఉంటుంది. కాబట్టి రెండు పట్టికలూ భద్రపరచాలి, లెక్క రెండవదాని నుండి తీయాలి.

రెండవది, జవాబు లేని కాల్స్‌ను రాయమని విడిగా చెప్పాలి. అవతల ఏ ఫోనుకూ చేరకుండానే తెగిపోయిన కాల్స్‌ను ఆస్టరిస్క్ మామూలుగా రాయదు. రాయమని సెట్టింగు మార్చాలి. మార్చకపోతే అవి జాడ లేకుండా పోతాయి.

మూడవది, ఒక మనిషికి ఒకే నంబరు. మీ కాల్‌ను డెస్కు నుండి ల్యాబుకు, ల్యాబు నుండి ఫార్మసీకి కలిపితే పట్టికలో మూడు వరుసలు పడవచ్చు. మూడింటినీ కలిపే ఉమ్మడి గుర్తును కూడా భద్రపరచాలి. లేకపోతే ఒక్కరు ముగ్గురిగా కనిపిస్తారు. ల్యాబు కాగితం మీద మీ ఓ.పి. నంబరు ఎందుకు రాస్తారో ఇదీ అందుకే.

నాలుగవది, గడియారాలు కలవాలి. ఫోను యంత్రం గడియారం 5 నిమిషాలు వెనుక, క్యాజువాలిటీ గడియారం 5 నిమిషాలు ముందు ఉంటే, ఎంత ఆలస్యం అయిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. కంప్యూటర్లన్నీ ఒకేచోటి నుండి సమయం తీసుకునేలా పెట్టాలి.

అయిదవది, దాచే చోటు. ఈ వివరాలను మామూలు అక్షరాల ఫైలులో దాచవచ్చు, డేటాబేసులోనూ దాచవచ్చు. ఫైలు అంటే రాసి కట్టగట్టిన కాగితాల వంటిది. డేటాబేసు అంటే వేలిపట్టికతో ఉన్న రిజిస్టరు వంటిది. "సోమవారం 8 నుండి 9 మధ్య వెళ్లిపోయినవారెందరు?" అని అడిగితే జవాబు ఇచ్చేది రెండవదే. ఒకటి పాడైతే మరొకటి ఉండేలా రెండింటిలోనూ దాచడం మంచిది.

20 కాల్స్‌కు ఎందరు కావాలి?

ఈ లెక్కల వల్ల రోగికి ఏమి లాభం? డెన్మార్కులో కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే గణితవేత్త 1909లోనే ఇలాంటి ప్రశ్నల మీద తొలి వ్యాసం రాశాడు. ఫోను వరుసలకు ఈనాటికీ ఆయన సూత్రాలనే వాడుతున్నారు.

గంటకు 20 కాల్స్ వస్తాయి, ఒక్కొక్కటి 3 నిమిషాలు పడుతుంది అనుకోండి. మొత్తం 60 నిమిషాల పని. ఒక్కరు చాలు అనిపిస్తుంది. చాలరు. కాల్స్ మూడు నిమిషాలకు ఒకటి చొప్పున వరుసగా రావు. ఒకేసారి నాలుగు వస్తాయి, తరువాత పది నిమిషాలు ఏదీ రాదు. ఒక్కరే ఉంటే వరుస పెరుగుతూనే పోతుంది. ఇద్దరు కూర్చుంటే ముగ్గురిలో ఒకరు ఆగవలసి వస్తుంది, సగటున ఒక్కొక్కరికి ఒక నిమిషం పడుతుంది. ముగ్గురు కూర్చుంటే పదకొండు మందిలో ఒకరే ఆగుతారు, సగటు 8 సెకన్లకు దిగుతుంది.

ఈ లెక్క వేయాలంటే గంటగంటకూ ఎన్ని కాల్స్ వచ్చాయో తెలియాలి. రోజు మొత్తం తెలిస్తే చాలదు. 10 గంటల్లో 200 కాల్స్ వస్తే సగటు గంటకు 20. కానీ అందులో 100 ఉదయం 8 నుండి 10 మధ్యే వస్తే, ఆ రెండు గంటల్లో గంటకు 50 వచ్చినట్టు. అంటే గంటకు 150 నిమిషాల పని. ఇద్దరి చేతిలో ఉన్నది 120 నిమిషాలే. సగటు బాగానే ఉంటుంది, ఉదయం చేసినవారు మాత్రం సంగీతం వింటూ కూర్చుంటారు. గంటలవారీ లెక్క ఉంటే మధ్యాహ్నం ఖాళీగా ఉండేవారిని ఉదయానికి మార్చవచ్చు. కొత్త జీతం అక్కరలేదు.

ఎత్తని కాల్స్‌ను లెక్కలో చేర్చకపోతే జరిగేది ఇంకా అన్యాయం. వెళ్లిపోయినవారు లెక్కలో ఉండరు కనుక పని తక్కువగా కనిపిస్తుంది. ఉన్నవారు చాలు అని తేలుతుంది. ఎంతమంది విసిగి వెళ్లిపోతే లెక్క అంత అందంగా కనిపిస్తుంది!

తిరిగి ఫోను చేయడం

నెలవారీ లెక్క కంటే ముఖ్యమైనది రోజువారీ జాబితా. జవాబు దొరకకుండా వెళ్లిపోయిన నంబర్లను మేము పూటపూటకూ తీసి, తిరిగి ఫోను చేస్తాము. డయాలిసిస్ వేళ అడగాలనుకున్నవారు కావచ్చు, ఇన్సులిన్ మోతాదు మరచిపోయినవారు కావచ్చు, కడుపులో బిడ్డ కదలడం లేదని భయపడుతున్న తల్లి కావచ్చు. నంబరు భద్రపడకపోతే వారిని చేరే దారే ఉండదు.

ఎందుకు చేశారన్న కోడ్‌లు పదికి మించకుండా ఉండాలి. ముప్పై ఉంటే తొందరలో అందరూ "ఇతరములు" అని నొక్కుతారు, అప్పుడు ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. ఎక్కువమంది "ఈ రోజు కంటి డాక్టరుగారు ఉన్నారా?" అని అడుగుతున్నట్టు తేలితే, ఆ వేళలను గేటు దగ్గర బోర్డు మీదా ఈ పత్రికలోనూ వేస్తే సరిపోతుంది. అంతమేరకు ఫోను మరొకరికి ఖాళీ అవుతుంది.

రాయకూడనివి

రాయడం ఎంత ముఖ్యమో, కొన్ని రాయకపోవడం అంతే ముఖ్యం. మన ఊళ్లలో ఫోను నంబరు చూస్తే చాలు, అది ఎవరి ఇల్లో చెప్పేవారున్నారు. ఆ నంబరు పక్కన జబ్బు పేరు పడితే ఆ కుటుంబం పరువు ఏమవుతుంది? 2017లో వచ్చిన హెచ్.ఐ.వి. చట్టం ఆ వివరాలను గోప్యంగా ఉంచాలని చెబుతోంది. అదే సంవత్సరం వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం కూడా రోగికి గోప్యత హక్కు ఇచ్చింది. వ్యక్తిగత డేటా పరిరక్షణ కోసం 2023లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది.

అందుచేత మా కోడ్‌లలో జబ్బుల పేర్లు ఉండవు. "డాక్టరు సలహా", "మందుల సందేహం", "రిపోర్టు" వంటివే ఉంటాయి. జబ్బు వివరాలు కేసు షీటులో ఉంటాయి, వాటి చోటు అదే. నెలవారీ లెక్కలో అంకెలే ఉంటాయి, నంబర్లు ఉండవు. మాటలను రికార్డు చేసేచోట ఆ సంగతి ముందే చెప్పాలి. ఎవరు చూడవచ్చు, ఎన్నాళ్లు దాచాలి అన్నది రాతపూర్వకంగా ఉండాలి, గడువు తీరినవి చెరిపివేయాలి.

తిరిగి ఫోను చేసేటప్పుడు మరో జాగ్రత్త కావాలి. ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కోడలు చేస్తే మామగారు ఎత్తవచ్చు. అందుకే "ఆసుపత్రి నుండి మాట్లాడుతున్నాము, ఈ నంబరు నుండి కాల్ వచ్చింది" అని మాత్రమే అంటాము. ఎవరు చేశారో, ఎందుకు చేశారో మేముగా చెప్పము.

మీరు చేయవలసినవి

• గుండెనొప్పి, ఆయాసం, పాముకాటు, ఫిట్స్, గర్భిణికి రక్తస్రావం వంటి ప్రమాదాల్లో ఆసుపత్రి ఎంక్వైరీ నంబరుకు చేసి ఆగవద్దు. వెంటనే 108కి చేయండి, లేదా సొంత వాహనంలో బయలుదేరండి.

• ఓ.పి. నంబరు దగ్గర పెట్టుకుని ఫోను చేయండి. ఒక నిమిషం కలిసివస్తుంది.

• మందు సందేహాలు, రిపోర్టుల వంటి తొందరలేని పనులకు మధ్యాహ్నం చేయండి. ఉదయం వేళ అవసరమైనవారికి దొరుకుతుంది.

• నంబరు మారితే కౌంటరులో చెప్పి మార్పించుకోండి. పాత నంబరుకు చేస్తే మీ సంగతి మరొకరి చెవిన పడుతుంది.

• ఇంటి ఫోనుకు తిరిగి చేయవద్దు అనుకుంటే మొదటే చెప్పండి. అలాగే రాసుకుంటాము.

• జవాబు రాకపోతే ఆ తేదీ, సమయం గుర్తుపెట్టుకుని డెస్కులో అడగండి. పట్టిక తీసి చూస్తాము. అందులో మీ కాల్ కనిపించకపోతే అమరికలో లోపం ఎక్కడుందో వెతకడానికి మీరు చెప్పిన సమయమే ఆధారం అవుతుంది.