కారం మిల్లులో డబ్బు ఎక్కడ ఆగిపోతోంది? చిన్న యూనిట్లకు పనికొచ్చే ‘లీన్’ పద్ధతి

పండిన పంటను అలాగే అమ్మకుండా కారం, పసుపు, గానుగ నూనె, చిరుధాన్యాల పిండి తయారుచేసి అమ్ముకుంటున్న రైతులు, మహిళా సంఘాలు ఇప్పుడు చాలా మండలాల్లో ఉన్నారు. యూనిట్ పెట్టిన ఏడాదికి వీరిలో ఎక్కువమంది నన్ను అడిగే ప్రశ్న ఒకటే: “సరుకు పోతూనే ఉంది, చేతిలో మాత్రం డబ్బు నిలవడం లేదు. ఎందుకు సార్?”

సబ్బులు, నూనెలు, మసాలాలు, బిస్కెట్లు చేసే పెద్ద ఫ్యాక్టరీలకూ ఇదే సమస్య వచ్చింది. దానికి అవి వాడుతున్న పద్ధతిని ‘లీన్’ అంటారు. ఖరీదైన యంత్రాలు లేకుండానే మన షెడ్డులో అమలు చేయగలిగినవి ఇందులో చాలా ఉన్నాయి.

లీన్ అంటే ఏమిటి?

ఇది జపాన్‌లోని టొయోటా కార్ల కంపెనీలో రూపుదిద్దుకున్న పద్ధతి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కంపెనీ దగ్గర పెట్టుబడి తక్కువ. పెద్ద ఎత్తున తయారుచేసి గోదాముల్లో నింపుకొనే స్తోమత లేదు. తైచీ ఓనో అనే ఇంజనీరు “కొనేవాడు ఎంత తీసుకుంటే అంతే మళ్లీ తయారుచేద్దాం” అన్న విధానాన్ని ఫ్యాక్టరీలోకి తెచ్చారు. కొనేవాడు డబ్బు ఇవ్వడానికి ఇష్టపడని ప్రతి పనినీ వృథాగా లెక్కగట్టారు. అవసరానికి మించి తయారుచేయడం, నిల్వ, ఎదురుచూపు, మోత, అనవసరమైన నడక, అనవసరమైన పని, పాడైన సరుకు అనే ఏడు రకాల వృథాను గుర్తించారు. వీటిలో మొదటిది అన్నిటికంటే చెడ్డది. ఎందుకంటే మిగిలిన వృథాలకు అదే దారితీస్తుంది.

ఒక సంఘం అనుభవం

నేను పనిచేసిన ఒక మండలంలో మహిళా రైతుల సంఘం బ్యాంకు రుణంతో కారం మిల్లు పెట్టుకుంది. సీజన్‌లో ధర తగ్గినప్పుడు 10 క్వింటాళ్ల మిరపకాయలు కొన్నారు. “ధర బాగుంది, కరెంటు ఉంది, మనుషులున్నారు, అంతా ఒకేసారి ఆడించేద్దామా సార్?” అని అడిగితే సరేనన్నాను. అది నా తప్పే.

తొడిమలు, తాలుకాయలు పోగా సుమారు 9 క్వింటాళ్ల కారం వచ్చింది. వారి అమ్మకం మాత్రం వారానికి 20 కిలోలే. అంటే ఆ కారం పూర్తిగా పోవాలంటే 45 వారాలు కావాలి. ఈ లెక్క ముందు వేసుకోవాల్సింది, మేము వేసుకోలేదు. వానలు మొదలయ్యేసరికి కారం రంగు తగ్గింది, కొన్ని ప్యాకెట్లలో ఉండలు కట్టింది. దుకాణాల వాళ్లు వెనక్కి ఇచ్చారు. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. చివరికి మిగిలిన కారాన్ని వచ్చిన ధరకు వదిలించుకున్నారు.

మరుసటి ఏడాది కాయలను కోల్డ్ స్టోరేజీలో పెట్టారు. 45 కిలోల టిక్కీలు నెలకు రెండు తెచ్చుకుని, రెండు వారాలకు ఒకటి చొప్పున ఆడించారు. మిల్లు అదే, మనుషులు వారే. ఆ ఏడాది ప్యాకెట్లు వెనక్కి రాలేదు.

నిల్వ కాయగా ఉండాలి, పొడిగా కాదు

ఫ్యాక్టరీకి ముడిసరుకు ఏడాదంతా దొరుకుతుంది. మనకు పంట ఒకసారే వస్తుంది. కాబట్టి “నిల్వే వద్దు” అన్న మాట మనకు సరిపోదు. మనం చూసుకోవాల్సింది నిల్వ ఏ రూపంలో ఉందన్నదే. మిరపకాయ ఎక్కువ కాలం ఆగుతుంది. అవసరమైతే యార్డులో అమ్ముకోవచ్చు, కోల్డ్ స్టోరేజీలో ఉన్న సరుకుపై రుణం తీసుకోవచ్చు. కారం చేసి ప్యాక్ చేశాక దానికి ఒకటే దారి, మీ ఖాతాదారుడు కొనాలి. కోల్డ్ స్టోరేజీ అద్దెను, పాడయ్యే కారం విలువను పక్కపక్కన రాసి చూడండి, తేడా తెలుస్తుంది.

ఇదే సూత్రం మిగతా సరుకులకూ వర్తిస్తుంది.

• పసుపు: కొమ్ముగా నిల్వ ఉంచి, ఆర్డరును బట్టి పొడి చేయాలి.
• వేరుశనగ: బాగా ఆరబెట్టి కాయగానే ఉంచాలి. గింజ ఒలిచాక త్వరగా పురుగు, బూజు పడతాయి.
• సజ్జ: పిండిలో కొవ్వు వల్ల కొద్ది రోజులకే చేదు, ముక్క వాసన వస్తాయి. గింజగా ఉంచి, వారానికి సరిపడా మాత్రమే ఆడించాలి.
• మామిడి ఆవకాయ: కాయ సీజన్‌లోనే దొరుకుతుంది కాబట్టి ముక్కలను ఉప్పులో ఊరవేసి డ్రమ్ముల్లో ఉంచుకోవచ్చు. కారం, ఆవపిండి, నూనె కలపడం ఆర్డరును బట్టి చేయవచ్చు. పచ్చళ్ల ఫ్యాక్టరీల్లో ఇలాగే చేస్తారు.

తప్పు కనిపించిన చోటే ఆపండి

టొయోటాను స్థాపించిన టొయోడా కుటుంబం మొదట మగ్గాల తయారీదారులు. సకిచి టొయోడా చేసిన మగ్గం దారం తెగగానే దానంతట అదే ఆగిపోయేది. చెడ్డ గుడ్డ నేయడం కంటే ఆగడమే మేలు అన్నది అందులోని సూత్రం. మన మిల్లులో దీన్ని ఇలా పాటించాలి.

• ఆడించే ముందు: కాయను ఊపితే గింజలు గలగలమనాలి, వంచితే విరగాలి. వంగితే ఆడించకండి. ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కారంలో తేమ 11 శాతం మించకూడదు. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన కాయలకు చెమ్మ పడుతుంది, వాటిని ఆరబెట్టాకే మిల్లులో వేయాలి.
• మిల్లులో: కాయలు పోసే చోట అయస్కాంతం అమర్చి, ఇనుప ముక్కలను రోజూ తీసి శుభ్రం చేయాలి. పొడి బాగా వేడెక్కితే రంగు, వాసన తగ్గుతాయి. కాసేపు ఆపి ఆడించాలి.
• ప్యాకింగ్‌లో: మొదటి ఐదు ప్యాకెట్లను తూకం వేసి, సీలు నొక్కి చూడాలి. తేడా ఉంటే అక్కడే ఆపి సరిచేయాలి. 500 ప్యాకెట్లు అయ్యాక చూస్తే అన్నీ విప్పాల్సి వస్తుంది.

షెడ్డులో నడక, వెతుకులాట తగ్గించండి

తెల్ల కాగితం మీద మీ షెడ్డు బొమ్మ గీయండి. ఒక బస్తా లోపలికి వచ్చినప్పటి నుంచి ప్యాకెట్‌గా బయటికి వెళ్లేవరకు మనుషులు నడిచిన దారిని పెన్నుతో గీస్తూ పోండి. గీతలు అల్లిబిల్లిగా ఉంటే సామాన్లు తప్పు చోట ఉన్నట్లే. తొడిమలు తీసే చోటు, మిల్లు, జల్లెడ, కాటా, సీలింగ్ మిషన్ ఒకదాని పక్కన ఒకటి వరుసలో ఉండాలి. పనిముట్లకు స్థిరమైన చోటు చూపి, గోడ మీద వాటి గుర్తు గీయండి.

ఒకే మిల్లులో అనేక సరుకులు ఆడిస్తుంటే ఘాటు తక్కువ సరుకు ముందు, మిరప చివర పెట్టుకోండి. ప్రతి మార్పుకూ శుభ్రం చేయాల్సిందే. అయితే జల్లెడ, బ్రష్షు, పాత్రలను సరుకుకొకటి ముందే సిద్ధంగా ఉంచితే మార్చే సమయం తగ్గుతుంది.

అల్మారానే ఆర్డరు ఇవ్వాలి

ప్యాకెట్లు పెట్టే అల్మారాకు ప్రతి అరలో ఎర్ర గీత గీయండి. నిల్వ ఆ గీతకు దిగినప్పుడే మళ్లీ తయారీ. గీత పైన ఉంటే మనుషులు ఖాళీగా ఉన్నా ఆడించవద్దు. ఆ సమయంలో శుభ్రం చేయడం, తొడిమలు తీయడం, దుకాణాలకు వెళ్లి బాకీలు వసూలు చేయడం వంటి పనులు చూసుకోవచ్చు. పాత సరుకు ముందు వరుసలో, కొత్తది వెనుక ఉండాలి. ఖాళీ కవర్లకు రెండు కట్టలు ఉంచుకోండి. మొదటి కట్ట అయిపోగానే కొత్తదానికి చెప్పండి, రెండోది వచ్చేవరకు సరిపోతుంది. ధర, తేదీ, బ్యాచ్ నంబరు ముందే అచ్చు వేయించకుండా ప్యాకింగ్ రోజున ముద్ర వేసుకుంటే లేబుళ్లు వృథా కావు.

రెండు జాగ్రత్తలు

లీన్ అంటే మనుషులను తగ్గించడం కాదు. మిగిలిన సమయాన్ని అమ్మకాలకు వాడుకోవాలి. పనిచేసే ఆడవాళ్లను అడగకుండా సామాన్లు మార్చవద్దు. ఎక్కడ ఇబ్బంది ఉందో వాళ్లకే బాగా తెలుసు.

రెండోది, సబ్సిడీ వస్తుందని పెద్ద మిల్లుకు తొందరపడకండి. ఉన్న మిల్లు రోజుకు ఎన్ని గంటలు తిరుగుతోందో ఒక నెల రాసి చూడండి. సగం రోజు ఖాళీగా ఉంటే మీకు కావాల్సింది కొత్త మిల్లు కాదు, కొత్త ఖాతాదారులు.

ఈ వారమే మొదలుపెట్టండి

మీ దగ్గర ఇప్పుడున్న తయారైన సరుకును కిలోల్లో రాయండి. దాన్ని వారం అమ్మకంతో భాగించండి. కారం, పసుపు పొడి వంటివైతే జవాబు నాలుగు దాటితే తయారీ ఆపి ముందు అమ్మండి. సజ్జ పిండి ఒక వారం దాటకూడదు. ఆ కాగితంతో మీ వ్యవసాయ అధికారిని కలవండి. మిగతా లెక్క కలిసి వేసుకోవచ్చు.